గడియారం గీయించే ముందు

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

తెనాలిలో సొంతంగా క్లినిక్ తెరుస్తున్నావనీ, అరవై దాటినవారికి జ్ఞాపకశక్తి పరీక్ష కూడా అక్కడే చేస్తావనీ మీ నాన్న ఫోనులో చెప్పాడు. మన ఇంట్లో ఇంకొక డాక్టరు బోర్డు కడుతోందని పొంగిపోయాను. నీ చదువు మీద నాకు బెంగ లేదు. మూడు నిమిషాల్లో ముగిసిపోయే ఆ పరీక్ష కాగితం మీదే నా బెంగంతా.

మినీకాగ్ అనే ఆ చిన్న జ్ఞాపకశక్తి పరీక్ష ఎలా చేయాలో నీకు చెప్పనక్కరలేదు: మూడు మాటలు చెప్పి, గడియారం గీయించి, ఆ మాటలు మళ్ళీ అడగాలి, 5కి 3 కన్నా తక్కువ వస్తే లోతుగా పరిశీలించాలి. మతిమరుపు తెచ్చే థైరాయిడ్ తేడా, బీ12 లోపం చూడడం మరిచిపోవు.

నీకు ఊహ తెలియకముందు, నేను ఏజెన్సీలో ఉద్యోగం చేస్తున్న రోజుల్లో, మీ నాయనమ్మను ఒక పెద్ద ఆసుపత్రిలో చూపించారు. అక్కడి డాక్టరు ఆమె చేతికి పెన్సిలిచ్చి, గడియారం గీసి పదకొండు గంటల పది నిమిషాలకు ముళ్ళు పెట్టమన్నాడు. ఆమె బడి గడప తొక్కిన మనిషి కాదు. వాకిట్లో నీడను బట్టి పొద్దు చెప్పేది. పెన్సిలు ఎలా పట్టుకోవాలో తెలియక, వంకర గుండ్రం ఒకటి గీసి, సిగ్గుతో కొంగు నోటికి అడ్డం పెట్టుకుందట. పైగా వినబడని ఎడమ చెవి వైపు కూర్చుని ఆయన ఆ మూడు మాటలూ చెప్పాడు. చీటీ మీద డిమెన్షియా, అంటే మతి క్షీణించే జబ్బు, అని రాశారు. ఎవరు ఎన్ని లీటర్ల పాలకు బాకీయో గోడ మీద బొగ్గు గీతలతో లెక్క పెట్టి, నెలాఖరుకు పైసా తేడా రాకుండా వసూలు చేసే మనిషిని, ‘నీకు గుర్తుండదులే’ అని అందరూ పక్కన కూర్చోబెట్టారు. చెవికి మిషను పెట్టించాక, వేరొక న్యూరాలజిస్టు తీరిగ్గా మాట్లాడి, జబ్బేమీ లేదని తేల్చాడు. తాళాల గుత్తి మాత్రం మళ్ళీ ఆమె బొడ్లోకి రాలేదు.

కాబట్టి ముందు చదువెంతో అడుగు, చెవీ కన్నూ చూడు, ఆ తరువాతే పెన్సిలు అందించు. 1975లో వచ్చిన ఎంఎంఎస్ఈ అనే జ్ఞాపకశక్తి పరీక్షలో వాక్యం రాయమంటారు. హర్యానాలోని బల్లభ్‌గఢ్ పల్లెల కోసం దానిని హిందీలోకి మార్చినవారు, రాయడానికి బదులు తమ ఇంటి గురించి ఏదైనా చెప్పమన్నారు. హైదరాబాదు నిమ్స్ వారు మలచిన తెలుగు పరీక్ష కూడా ఉంది, తెప్పించుకో. ఇంగ్లండులో పుట్టిన పది ప్రశ్నల పరీక్షలో మొదటి ప్రపంచ యుద్ధం ఏ సంవత్సరమని అడుగుతారు; మన కౌలురైతుకు దివిసీమ ఉప్పెన ఎప్పుడొచ్చిందో గుర్తుంటే నాకు చాలు.

దీనికి తిరగబడ్డ సంగతీ ఉంది. చదువుకున్నవాడు చిన్న పరీక్షను నెగ్గుకొస్తాడు. నా దగ్గరికి వచ్చిన ఒక రిటైర్డు హెడ్మాస్టరు ప్రతి ప్రశ్నకూ టకటకా జవాబు చెప్పాడు. ఆయన బ్యాంకుకు వెళ్ళి ఇంటి దారి తప్పుతున్నాడని భార్య వరండాలోకి పిలిచి చెప్పింది. ఆస్ట్రేలియాలో మనవంటి జనరల్ డాక్టర్ల కోసం చేసిన జీపీకాగ్‌లో రోగికి 9కి 5 నుంచి 8 వస్తే ఇంటివారిని 6 ప్రశ్నలు అడగమన్నారు: మాటలు తడుముకుంటున్నారా, డబ్బూ మందులూ సొంతంగా చూసుకోగలుగుతున్నారా వంటివి. మార్కులు ఎన్ని వచ్చినా నేనైతే అడుగుతాను, అదీ విడిగా.

నిన్నటిదాకా బాగుండి ఇవాళ తికమకపడే ముసలాయనకు ఆ రోజు పరీక్ష పెట్టవద్దు. ముందు ఇన్ఫెక్షనూ, రక్తంలో సోడియమూ చూడు. నిద్రకనీ నరాల నొప్పికనీ ఏళ్ళ తరబడి మింగే అమిట్రిప్టిలిన్ వంటి మాత్రలు కూడా మతిని మసకబారుస్తాయి, కనుక మందుల సంచీ మొత్తం బల్ల మీద గుమ్మరించమను. భర్త పోయిన ఆడమనిషి ‘ఏమో, తెలియదు’ అని ప్రతిదానికీ అంటూంటే దిగులు సంగతి కదిలించు.

ఫలితం చెప్పేటప్పుడు కొడుకు వైపు తిరిగి మాట్లాడావో, నేనే వచ్చి నీ చెవి మెలిపెడతాను. ‘ఇది జబ్బు పేరు కాదమ్మా, కారణం వెతుకుదాం’ అని ఆ మనిషితోనే చెప్పు. తొందరపడకు తల్లీ, ఓపీ చివర్లో తీరిక ఉన్నప్పుడే ఈ పరీక్ష పెట్టుకో. సంక్రాంతికి వచ్చినప్పుడు ముందు నా మీదే చేసి చూడు, ప్రశ్న అడగడంలో ఎక్కడ తొందరపడ్డావో చెబుతాను.

నీ పెదనాన్న