పిచింగ్ ఇంత బాగున్నా సియాటెల్ మారినర్స్ వరల్డ్ సిరీస్‌కు ఎందుకు చేరలేకపోయింది? 2026లో ఆశ పెట్టుకోవచ్చా?

సియాటెల్‌కు కొత్తగా వచ్చిన మీరు, అక్టోబర్ నెలంతా ఆఫీసులో మారినర్స్ మాటలే వినబడడం గమనించి, ఈ బేస్‌బాల్ జట్టు బలం పిచింగే, అంటే బంతి వేయడమే, అయితే 2025లో వరల్డ్ సిరీస్ అనే ఫైనల్ గడప దాకా వెళ్లి ఎందుకు ఆగిపోయిందనీ, ఆ పిచర్లనే నమ్ముకుని 2026 సీజన్‌లో ప్లేఆఫ్స్ (సీజన్ చివర అక్టోబర్‌లో జరిగే నాకౌట్ సిరీస్‌లు) మీద ఆశ పెట్టుకోవచ్చా అనీ అడిగారు. నేను 2012 జూలైలో ఈ ఊరికి వచ్చాను, అప్పటి నుంచి ఈ జట్టునే చూస్తున్నాను. ఆశ తప్పకుండా పెట్టుకోవచ్చు. అయితే స్టార్టింగ్ పిచర్ల, అంటే మ్యాచ్ మొదలుపెట్టి బంతి వేసేవారి, లెక్కను తొమ్మిది ఇన్నింగ్స్‌లో ఆరో ఇన్నింగ్స్ వరకే వేసుకోవాలి. ఏడో ఇన్నింగ్స్‌లో బంతి ఎవరి చేతికి ఇస్తారన్నది వేరే లెక్క, 2025లో మేము ఓడిపోయింది ఆ రెండో లెక్కలోనే.

నేను వచ్చిన నెల రోజులకే, 2012 ఆగస్టు 15న, ఫెలిక్స్ హెర్నాండెజ్ టాంపా బే జట్టుపై పర్‌ఫెక్ట్ గేమ్ వేశాడు. అది బుధవారం మధ్యాహ్నం మ్యాచ్. భోజనాల గదిలోని టీవీ ముందు మనుషులు ఒక్కొక్కరే వచ్చి నిలబడుతుంటే, ఏం జరుగుతోందో తెలియకుండానే నేనూ నిలబడ్డాను. వరుసగా 27 మంది బ్యాటర్లు వచ్చారు, ఒక్కరు కూడా మొదటి బేస్‌కు చేరలేదు, మ్యాచ్ 1-0తో ముగిసింది. నాకు ఆట అర్థమైందని చెప్పలేను కానీ, ఒకే మనిషి ఒక మధ్యాహ్నమంతా తన చేతిలో పట్టుకోగలడన్న సంగతి మాత్రం అర్థమైంది. అదే ఫెలిక్స్ 2005 నుంచి 2019 వరకు ఈ జట్టుకే ఆడి, ఒక్క ప్లేఆఫ్ మ్యాచ్‌లోనైనా బంతి వేయకుండానే వెళ్లిపోయాడు. ఎంత గొప్ప పిచర్ అయినా ఐదు రోజులకు ఒకసారే వస్తాడు, సీజన్‌లో ఉన్నవి 162 మ్యాచ్‌లు, పైగా అతడు పరుగులు చేయడు. పిచింగ్ గురించి ఎవరైనా గొప్పగా మాట్లాడినప్పుడల్లా నాకు ముందుగా ఆయనే గుర్తుకు వస్తాడు.

ఇప్పటి జట్టుకు ఒక్క ఫెలిక్స్ కాదు, ఐదుగురు ఉన్నారు: లోగన్ గిల్బర్ట్, జార్జ్ కిర్బీ, బ్రయాన్ వూ, బ్రైస్ మిల్లర్, లూయిస్ కాస్టియో. కాస్టియో ఒక్కడిని 2022 జూలైలో సిన్సినాటి నుంచి తెచ్చుకున్నారు, మిగతా నలుగురూ డ్రాఫ్ట్‌లో (కొత్త కుర్రవాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే పద్ధతిలో) ఎంచుకుని ఇక్కడే పెంచుకున్నవారు. వీరిలో వూ కథ నాకు చాలా ఇష్టం. కాలేజీలో అతని అంకెలు చెప్పుకోదగ్గవి కావు, దానికి తోడు మోచేతికి శస్త్రచికిత్స కూడా అయింది, అయినా 2021 డ్రాఫ్ట్‌లో ఆరో రౌండ్‌లో తీసుకున్నారు. ఆ కుర్రవాడే 2025లో తన మొదటి 25 మ్యాచ్‌లలో ప్రతిసారీ కనీసం ఆరు ఇన్నింగ్స్ వేశాడు. ఈ రోజుల్లో స్టార్టర్లను ఐదో ఇన్నింగ్స్‌లోనే దించేస్తున్న ఆటలో ఇది ఎంత అరుదైన విషయమో కొంతకాలం చూస్తే మీకే తెలుస్తుంది. ఇక కిర్బీ 2023లో 190 ఇన్నింగ్స్‌కు పైగా వేసి సీజన్ మొత్తం మీద 19 వాక్‌లే (గురి తప్పిన బంతుల వల్ల బ్యాటర్‌కు ఊరికే దక్కే మొదటి బేస్) ఇచ్చాడు. క్రికెట్ భాషలో చెప్పాలంటే, ఆరు నెలల పాటు బౌలింగ్ చేసి వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని వైడ్లు వేయడం లాంటిది.

2025 ఆగస్టులో కాకినాడ నుంచి వచ్చిన మా నాన్నగారిని ఒక సాయంత్రం మ్యాచ్‌కు తీసుకువెళ్లాను. ఆయన లెక్కల మాస్టారుగా పనిచేసి పదవీ విరమణ చేశారు, చదువుకునే రోజుల్లో కాలేజీ జట్టుకు ఆఫ్ స్పిన్ వేసేవారు. మా స్టేడియంలో బుల్‌పెన్ ఎడమ వైపు అవుట్‌ఫీల్డ్ గోడ వెనుక ఉంటుంది, కంచె పక్కన నిలబడితే పిచర్లు వేడెక్కడం చాలా దగ్గరగా కనబడుతుంది. ఆ రోజు వూ వంతు. బంతి క్యాచర్ గ్లవ్‌లో పడిన ప్రతిసారీ ఎండిన దుంగ మీద గొడ్డలి దిగినట్టు చప్పుడు వచ్చింది, పక్కనే రైలు పట్టాల మీద వెళ్తున్న గూడ్సు బండి కూత కూడా ఆ చప్పుడును కప్పలేకపోయింది. నాన్నగారు రెండు చేతులూ కంచె మీద ఆనించి ఇరవై బంతులు కదలకుండా చూసి, ‘ఒరేయ్, వీడి చెయ్యి ప్రతిసారీ ఒక్క చోటు నుంచే వస్తోంది, చూశావా? ఆ చోటు కూడా కిందకే ఉంది’ అన్నారు. బేస్‌బాల్ అంటే ఏమిటో తెలియని మనిషి ఇరవై బంతుల్లో చెప్పిన ఆ మాటే వూ విజయానికి కారణం. బంతిని తక్కువ ఎత్తు నుంచి వదలడం వల్ల అతని ఫాస్ట్‌బాల్ బ్యాటర్ అనుకున్నంతగా దిగదు, అందుకే బ్యాట్ తరచూ బంతి కిందుగా పోతుంది. రకరకాల బంతులు వేయనవసరం లేకుండా ఎక్కువగా ఫాస్ట్‌బాల్స్‌తోనే అతను నెట్టుకురాగలగడానికి అదే కారణం.

ఈ ఐదుగురి బలానికి స్టేడియం సాయం కూడా కొంత ఉందని ఒప్పుకోవాలి. సముద్రపు పాయ పక్కన ఉండడం వల్ల ఏప్రిల్, మే సాయంత్రాల్లో గాలి చల్లగా, బరువుగా ఉండి, వేరే ఊళ్లలో గోడ దాటే బంతి ఇక్కడ గోడ ముందే ఫీల్డర్ చేతిలో పడుతుంది. అదే గాలి మా బ్యాటర్లకు శత్రువు. 2024లో మారినర్స్ స్టార్టర్ల ఇఆర్ఏ 3.38, అంటే తొమ్మిది ఇన్నింగ్స్‌కు సగటున వారిచ్చిన పరుగులు అన్న మాట. మొత్తం 30 జట్లలో అంతకంటే తక్కువ ఎవరికీ లేదు. అయినా 85 విజయాల దగ్గర ఆగిపోయి ఒక్క మ్యాచ్ తేడాతో ప్లేఆఫ్స్‌కు దూరమయ్యాము. అంతకుముందు ఏడాది 88 గెలిచినా అదే ఒక్క మ్యాచ్ తేడా. ఆ రెండు సెప్టెంబర్లలో నేను చూసినన్ని 2-1, 1-0 ఓటములు మరెప్పుడూ చూడలేదేమో అనిపిస్తుంది. పిచర్ ఏడు ఇన్నింగ్స్ చక్కగా వేసి డగౌట్‌లో టోపీ ముఖం మీదకు లాక్కుని కూర్చుంటే, టీవీ ముందు కూర్చున్న నాకు అతనికి క్షమాపణ చెప్పాలనిపించేది.

అటువంటి ఓటములన్నిటిలోకి పెద్దది 2022 అక్టోబర్ 15న స్టేడియంలో కూర్చుని చూశాను. 2001 తరువాత సియాటెల్‌లో జరిగిన మొదటి ప్లేఆఫ్ మ్యాచ్ అది. హ్యూస్టన్‌పై కిర్బీ ఏడు ఇన్నింగ్స్ వేసి ఒక్క పరుగూ ఇవ్వలేదు, తరువాత వచ్చిన రిలీవర్లు కూడా ఒకరి తరువాత ఒకరు 17వ ఇన్నింగ్స్ దాకా సున్నాలే పెట్టారు. మా వాళ్లు కూడా సున్నా దాటలేదు, స్కోరు సమంగా ఉన్నంతవరకు తొమ్మిది ఇన్నింగ్స్ దాటినా ఆట సాగుతూనే ఉంటుంది. చివరికి 18వ ఇన్నింగ్స్‌లో హ్యూస్టన్ బ్యాటర్ జెరెమీ పెన్యా కొట్టిన ఒక్క హోమ్‌రన్‌తో (గోడ దాటిన దెబ్బతో) 1-0గా ఓడిపోయాము. ఆరు గంటలకు పైగా సాగిన ఆ ఆటలో మధ్యాహ్నం ఎండ పోయి దీపాలు వెలిగాయి, గొంతులు పోయాయి, పక్క సీటులోని పెద్దావిడ తన బిస్కెట్ల పొట్లాన్ని మా వరుస అంతటికీ పంచిపెట్టారు. పిచింగ్‌లో ఆ రోజు లోపం వెతికితే దొరకదు.

2025 మాత్రం వేరే రకం. అప్పటికి బ్యాటింగ్ వచ్చింది. క్యాచర్ కాల్ రాలీ 60 హోమ్‌రన్లు కొట్టాడు, సెప్టెంబర్ 24న ఆ 60వది కొట్టిన రాత్రే 2001 తరువాత మొదటిసారిగా మా డివిజన్‌లో, అంటే లీగ్‌లోని మా జట్ల గుంపులో, మొదటి స్థానం గెలిచాము. పిచింగ్‌కు మాత్రం ఆ ఏడాది గాయాల బెడద పట్టుకుంది. కిర్బీ భుజం నొప్పితో సీజన్ ఆరంభానికి లేడు, గిల్బర్ట్ మోచేతి కండరం గాయంతో వారాల తరబడి కూర్చున్నాడు, మిల్లర్ కూడా మోచేతి సమస్యతో చాలా భాగం ఆడలేదు. ఏడాదంతా భారం మోసిన వూ కూడా సెప్టెంబర్‌లో ఛాతీ కండరం పట్టేసి ఆగిపోయి, డెట్రాయిట్‌తో జరిగిన మొదటి ప్లేఆఫ్ సిరీస్‌కు అందుబాటులో లేకపోయాడు. ఐదుగురు ఉన్నారని మనం కాగితం మీద రాసుకుంటాము కానీ, ఐదుగురూ ఒకేసారి మంచి ఆరోగ్యంతో కనబడిన వారాలు ఆ సీజన్‌లో చాలా తక్కువ.

అయినా అక్టోబర్ 10న డెట్రాయిట్‌తో జరిగిన, ఆ సిరీస్‌ను తేల్చిన ఐదో మ్యాచ్ నేను చూసిన పిచింగ్ ఆటలలో తలమానికం. అవతల టారిక్ స్కూబల్ ఆరు ఇన్నింగ్స్‌లో 13 మందిని స్ట్రైకౌట్ చేశాడు, అంటే బంతిని కొట్టనివ్వకుండానే అవుట్ చేశాడు. 2-2 దగ్గర ఆట సాగుతూనే ఉండడంతో, మేనేజర్ డాన్ విల్సన్ స్టార్టర్లను కూడా బుల్‌పెన్ నుంచి పిలిచాడు. ముందు గిల్బర్ట్ వచ్చాడు, తరువాత మేజర్ లీగ్‌లో అంతవరకు ఎప్పుడూ రిలీవర్‌గా రాని కాస్టియో వచ్చాడు. 15వ ఇన్నింగ్స్‌లో మా బ్యాటర్ పొలాంకో కొట్టిన దెబ్బకు 3-2తో గెలిచాము. మా ఇంట్లో నాన్నగారు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ‘అవసరమైతే ఎవరి చేతికైనా బంతి ఇవ్వాలి, ఈయనకు ఆ సంగతి తెలుసు’ అన్నారు.

పది రోజుల తరువాత, టొరంటో జట్టుతో ఆడిన తరువాతి సిరీస్‌లో చివరిదైన ఏడో మ్యాచ్, వారి ఊళ్లోనే. గెలిస్తే ఈ జట్టు చరిత్రలోనే మొదటిసారి వరల్డ్ సిరీస్. 30 జట్లలో ఇప్పటివరకు అక్కడికి చేరనిది మాది ఒక్కటే. కిర్బీ నాలుగు ఇన్నింగ్స్ వేసి ఒక్క పరుగు ఇచ్చాడు. తరువాత గాయం నుంచి తిరిగివచ్చిన వూ రెండు ఇన్నింగ్స్ చక్కగా వేశాడు. ఏడో ఇన్నింగ్స్‌కు 3-1తో ముందున్నాము. వూ ఒకరిని వాక్ చేశాడు, మరొకరు హిట్ కొట్టారు, ఆపై వచ్చినవాడు బంట్ చేసి, అంటే బంతిని మెల్లగా తాకించి, తాను అవుటై ఆ ఇద్దరినీ ముందుకు జరిపాడు. రెండో బేస్ మీద ఒకరు, మూడో బేస్ మీద ఒకరు, బ్యాట్‌తో జార్జ్ స్ప్రింగర్. నాన్నగారు నా వైపు తిరిగి, ‘కిర్బీని మళ్లీ తీసుకురావచ్చుగా?’ అని అడిగారు.

‘కుదరదు నాన్నా, ఈ ఆటలో ఒకసారి బయటికి వెళ్లినవాడు మళ్లీ రాకూడదు.’

‘అయితే ఉన్నవాళ్లలో అందరికంటే మంచివాడు ఎవడో వాడిని పిలవాలి కదా?’

ఉన్నవాళ్లలో అందరికంటే మంచివాడు ఆ ఏడాది 38 మ్యాచ్‌లు కాపాడిన క్లోజర్ ఆండ్రెస్ మున్యోజ్. వచ్చినది ఎడ్వర్డ్ బజార్డో. స్ప్రింగర్ కొట్టిన బంతి ఎడమ వైపు గోడ దాటింది, 4-3, అక్కడితో మా సీజన్ ముగిసింది. బజార్డో ఏడాది పొడవునా బాగా వేసినవాడు, ఎన్నో మ్యాచ్‌లలో జట్టును ఒడ్డుకు చేర్చినవాడు, అతన్ని నిందించడం నాకు ఇష్టం లేదు. నేను తప్పుపడుతున్నది ఇన్నింగ్స్ నంబరును బట్టి మనిషిని ఎంచుకునే అలవాటును. క్లోజర్ అంటే తొమ్మిదికి లేదా ఎనిమిదికి అని దాచిపెట్టుకుంటారు, కానీ ఆ రాత్రి మ్యాచ్ నిర్ణయమైపోయింది ఏడో ఇన్నింగ్స్‌లో. క్రికెట్‌లో కెప్టెన్ తన ఉత్తమ బౌలర్‌కు రెండు ఓవర్లు చివరికి దాచుకోవచ్చు, మధ్యలో వికెట్ కావాలంటే మళ్లీ పిలవనూ వచ్చు. ఇక్కడ ప్రతి పిచర్ ఒకే ఒక్కసారి వాడుకోగలిగిన మనిషి. డెట్రాయిట్‌పై ఆ ఇన్నింగ్స్ నంబరు అలవాటును అంత ధైర్యంగా మరచిన మేనేజరే టొరంటోలో దాన్ని పాటించాడన్నది నన్ను ఇప్పటికీ బాధపెడుతోంది.

అందుకే 2026 గురించి నా ఆశ ఇలా ఉంది. ఒక్కో లీగ్ నుంచి ఆరు జట్లకు ప్లేఆఫ్స్ అవకాశం ఉన్న ఈ పద్ధతిలో, ఐదుగురు స్టార్టర్లలో నలుగురు ఏడాది మొత్తం నిలబడితే మారినర్స్ అక్టోబర్‌కు చేరుతుందని నమ్ముతున్నాను. వారి భుజాలు, మోచేతులు మాత్రమే నాకు భయం. వూ ఎన్ని ఇన్నింగ్స్ వేశాడన్న దానికంటే సెప్టెంబర్‌లో ఎంత తాజాగా ఉంటాడన్నది ముఖ్యం కనుక, జూన్‌లో ఏడో ఇన్నింగ్స్ మధ్యలో అతన్ని దించితే నేను ఈసారి విసుక్కోను. అక్కడి నుంచి మున్యోజ్ దాకా వంతెన కట్టడానికి 2025 డిసెంబర్‌లో ఎడమచేతి రిలీవర్ హోసే ఫెరర్‌ను వాషింగ్టన్ నుంచి తెచ్చారు. అతని కోసం హ్యారీ ఫోర్డ్ వంటి ఎంతో భవిష్యత్తు ఉన్న యువ క్యాచర్‌ను ఇచ్చేశారంటే, ఆ ఏడో ఇన్నింగ్స్ యాజమాన్యానికి కూడా నిద్ర పట్టనివ్వలేదని నాకు అనిపిస్తుంది.

మీరు మొదటిసారి వెళ్లేటప్పుడు కిర్బీ గానీ వూ గానీ వేసే రోజు చూసుకుని, ఆట మొదలయ్యే అరగంట ముందే బుల్‌పెన్ కంచె దగ్గరకు చేరుకోండి. నాన్నగారు డిసెంబర్‌లో కాకినాడ వెళ్లిపోయారు. ఆదివారం ఫోన్ చేసినప్పుడు మనవరాలి చదువు అడిగాక, ‘ఆ కుర్రాడి ఛాతీ నొప్పి పూర్తిగా తగ్గిందా?’ అని అడుగుతున్నారు.