యాభై నిమిషాలు ఇద్దరివీ

బిడ్డా,

హైదరాబాద్‌ల మ్యాజిక్ అనే పత్తాలాట టోర్నమెంటుకు పేరు ఇచ్చినవని మీ అమ్మ చెప్పింది, మస్తు సంతోషమైంది. డెక్కుల, అంటే నువ్వు ఆడే పత్తాల కట్టల, ఏ పత్తా ఉంచాలె, ఏది తియ్యాలె అని నన్ను అడిగినవు గానీ, అది నాకన్న నీకే బాగ ఎరుక. నేను రాసేది గడియారం గురించి. ఇంట్ల ఆడితే ఆట తేలేదాక కూసుంటం. అక్కడ రౌండుకు 50 నిమిషాలే. మూడు ఆటలల్ల రెండు గెలిచినోళ్లది మ్యాచ్, ఆ మూడూ ఆ యాభైలనే పడాలె. ఆట మంచిగ వచ్చి కూడ టైం చాలక డ్రాలతోని ఇంటికొచ్చిన పిల్లలను నేను చానమందిని చూసిన.

మన వరంగల్ బిడ్డ అర్జున్ ఎరిగైసి చెస్ ఆడుతుంటే చూసినవు గద. ఎవరి టైం వాళ్లదే. ఎదుటాయన అరగంట ఆలోచిస్తే ఆయన గడియారమే కరుగుతది, అర్జున్‌కు నష్టం లేదు. మన ఆటల అట్ల నడవది. నీ టర్న్‌ల కూడ ఎదుటోళ్లు మధ్యల పత్తా వెయ్యొచ్చు, దానికి నువ్వు మళ్ల జవాబియ్యొచ్చు. అన్నిసార్లు గడియారం బటన్ నొక్కుకుంట కూసుంటే ఆట సాగదు. కంప్యూటర్ల ఆడే మ్యాజిక్ ఆన్‌లైన్‌ల ఆ లెక్క మిషన్ చూసుకుంటది కాబట్టి మనిషికి 25 నిమిషాలు విడిగ ఇస్తరు. బల్ల మీద ఇద్దరికీ కలిపి ఒక్కటే టైం. ఒక్క బిందె నీళ్లు ఇద్దరు పంచుకున్నట్టు. ఎదుటోళ్లు ఒలకబోసినా తక్కువయ్యేది నీకు కూడ.

టైం అని జడ్జి కేకేసినప్పుడు ఏమైతదో ఇప్పుడే లెక్కేసుకో, అక్కడ గాబరాల సమజ్ కాదు. ఎవరి టర్న్ నడుస్తుందో వాళ్లు దాన్ని పూర్తి చేస్తరు. తర్వాత ఇద్దరికీ కలిపి అయిదు టర్నులు, మనిషికి అయిదు అనుకునేవు. నీ టర్న్‌ల టైం అయితే ఒకటి, మూడు, అయిదు ఎదుటోళ్లవి. నీకు దొరికేవి రెండే. వాళ్ల టర్న్‌ల టైం అయితే మూడు నీవి. ఆ ఒక్క టర్న్ తేడాతోనే చాన మ్యాచులు తేలుతయి. అందుకే ఆఖరి నిమిషాలల్ల నీ టర్న్ గబగబ ముగించుకోవాలె. జల్ది ఆడితే ఎవరూ తప్పు పట్టరు.

అయిదు టర్నులల్ల కూడ తేలకుంటే ఆ ఆట డ్రా. అప్పటికి ఎవరు ఎక్కువ ఆటలు గెలిచిన్రో వాళ్లదే మ్యాచ్. మొదటి ఆట నీదై రెండోది తేలలేదంటే మ్యాచ్ నీదే. చెరొకటి గెలిచి మూడోది ఆగిపోతే డ్రా. గెలుపుకు 3 పాయింట్లు, డ్రాకు 1. అయిదు రౌండ్లల్ల నాలుగు గెలిచి ఒకటి ఓడితే 12, మూడు గెలిచి రెండు డ్రా చేస్తే 11. ఒక్కటి కూడ ఓడకున్నా నువ్వు కిందనే ఉంటవు.

ఇగ నీకు కష్టమనిపించే మాట. ఓడిపోయే ఆటను పట్టుకొని వేలాడకు. మొదటి ఆటల ఎదుటోళ్లు బల్లంత కమ్మేసిన్రు, నీ డెక్కుల దాన్ని తిప్పే పత్తా ఒక్కటి కూడ లేదు. అట్లాంటప్పుడు ఇంకో పది నిమిషాలు ఈడిస్తే ఆ పది నువ్వు గెలవాల్సిన రెండు ఆటలల్లకెల్లే పోతయి. పదిహేనో నిమిషంల ఓటమి ఒప్పుకుంటే 35 మిగులుతయి, రెండు ఆటలకు సరిపోతయి. ముప్పయ్యో నిమిషంల ఒప్పుకుంటే 20 మిగులుతయి, దాంట్ల పత్తాలు కలుపుడు, ఆటకు ఆటకు నడుమ సైడ్‌బోర్డుల పక్కకు పెట్టుకున్న పత్తాలు మార్చుడు తీసేస్తే డ్రా అయినా గొప్పే. అదే రెండోదో మూడోదో ఆటల గడియారం ఆఖరికి వచ్చిందనుకో, లెక్క తిరగబడతది. అయిదు టర్నులు నిలబడితే డ్రా వస్తదంటే నిలబడు. నాకౌట్ రౌండ్లకు టైం పెట్టిన్రంటే మాత్రం అక్కడ డ్రా ఉండది, ఎక్స్‌ట్రా టర్నులు అయినంక లైఫ్, అంటే ఆటల మిగిలిన ప్రాణం లెక్క, ఎక్కువున్నోళ్లు గెలుస్తరు. అక్కడ రెండు పాయింట్ల లైఫ్ కూడ చిన్నది కాదు.

నువ్వు పెద్దోళ్ల ముంగట నోరు తెరవవు, అదే నాకు బుగులు. ఎదురుంగ నీకన్న పదేండ్లు పెద్దాయన కూసొని ఒక్కొక్క పత్తాకు రెండు నిమిషాలు ఆలోచిస్తుంటే, "అన్నా, టైం తక్కువుంది, జర జల్ది ఆడుదామా" అని నవ్వుకుంటనే అను. మారకుంటే చెయ్యెత్తి జడ్జిని పిలువు. ఇది కొట్లాట కాదు, నీ హక్కు. పిలిచేదేదో ఇరవయ్యో నిమిషంలనే పిలువు. జడ్జి తను చూసినదాని మీదనే తీర్పు చెప్తడు. నలభై ఎనిమిదో నిమిషంల పిలిచి పొద్దటిసంది మెల్లగ ఆడుతున్నడంటే ఆయన చేసేదేమీ ఉండదు. మెల్లగ ఆడితే ముందు హెచ్చరిక ఉంటది. గడియారం కోసమని కావాలని సాగదీసిన్రని తేలితే టోర్నమెంటు నుంచే తీసేస్తరు. జడ్జి మీ బల్ల దగ్గర నిమిషం దాటి నిలబడితే అంత టైం కలిపి ఇస్తరు, మర్చిపోకుండ అడుగు.

నువ్వు ముందున్నప్పుడు కూడ అదే తీరున ఆడు. మొదటి ఆట గెలిచినంక చేతులు మెల్లగయ్యే పిల్లలున్నరు. పత్తాలు పదిసార్లు కలుపుతరు, ఎదుటోళ్ల పత్తా ప్రతిదీ తీసి చదువుతరు. మా బిడ్డ అట్ల గెలిచిందంటే నేను ఎవరికీ చెప్పుకోను.

ఇంకో గుంత ఉంది. మూడో ఆట తేలక డ్రా కాబోతుంటే, డ్రా ఇద్దరికీ దండగ, నాణెం ఎగరేసి గెలుపెవరిదో చూద్దామని ఎదుటోళ్లు అంటరు. పాపం, తెలువకనే అంటరు. అది నియమాలల్ల పెద్ద తప్పు, పైసలో పత్తాల ప్యాకెట్లో ఇచ్చి ఓడిపొమ్మని అడుగుడు కూడ అంతే. ఒప్పుకొని డ్రా చేసుకోవచ్చు, ఇష్టముంటే ఎవరన్న ఉత్తగ ఓటమి ఒప్పుకొని లేవొచ్చు. మాట అటు మళ్లుతుందనిపిస్తే జడ్జిని పిలిచి, ఏది అనొచ్చో ఆయననే అడుగు.

టైం ఎంత పెద్ద సంగతంటే, దాని వల్ల పత్తాలనే నిషేధించిన్రు. సెకండ్ సన్‌రైజ్ అనే పత్తాతోని ఆడే డెక్కుల ఒక్కొక్క టర్న్ అంత పొడుగయ్యేది, హాలంత ఆ ఒక్క బల్ల కోసం ఎదురుచూసేటోళ్లు. 2013ల మోడర్న్ అనే ఆట రకంలకెల్లి దాన్ని తీసేసిన్రు. 2017ల లెగసీ అనే ఇంకో రకంల సెన్సేస్ డివైనింగ్ టాప్ అనే పత్తా పోయింది, 2024ల మోడర్న్‌ల నాడు (Nadu) అనే పత్తా పోయింది. వాటి బలం ఒక కారణమే, ఆట సాగదీసుడు ఇంకో కారణం. నీ డెక్కుల తిరిగి తిరిగి వచ్చే కాంబో, అంటే ఒకదానికొకటి తోడై అదే పని మళ్ల మళ్ల చేసే పత్తాలు, ఉంటే ఒక్కసారి పూర్తిగ చూపెట్టి, ఇన్నిసార్లు చేస్తున్న అని చెప్పు. నియమం ఒప్పుకుంటది.

మీ తమ్ముడు ఆడేది పోకెమాన్ పత్తాలాట కదా, వానికి ఈ లెక్కలు అట్లనే అప్పజెప్పకు. అక్కడ కూడ మూడు ఆటల మ్యాచ్‌కు 50 నిమిషాలే గానీ టైం అయినంక మూడే టర్నులు, నాకౌట్‌ల ఎదుటోళ్ల పోకెమాన్‌ను పడగొట్టినప్పుడల్ల తీసుకునే ప్రైజ్ కార్డులు ఎవరికి తక్కువ మిగిలినయో చూస్తరు.

ఈ వారం ఇంట్ల ఆడేటప్పుడు ఫోన్‌ల 50 నిమిషాలు పెట్టుకో. ఆట మధ్యల చూడకు, మోగినప్పుడు ఎక్కడున్నరో చూడు. పత్తాలు కలుపుడు ఎక్కువసేపు పడుతుందా, సైడ్‌బోర్డు దగ్గర ఆగుతున్నవా కనిపెట్టు. ఏ డెక్కు మీద ఏది తియ్యాలె, ఏది పెట్టాలె అన్నది ఒక కాయితం మీద రాసుకొని పో. ఆటకు ఆటకు నడుమ దాన్ని చూడొచ్చు, ఆట నడుస్తుంటే చూడొద్దు.

అయిదు రౌండ్లంటే ఆటకే 250 నిమిషాలు. ఎక్స్‌ట్రా టర్నులు, తర్వాతి జతలు రాసుకునుడు, నడుమల తిండి కలుపుకుంటే ఆరు గంటలు పట్టొచ్చు. కాజీపేటకు వాపసు రైలు టికెట్ రాత్రిదే తీసుకో. ఆఖరి రౌండుల రైలు కోసం తొందరపడి ఆట పాడుచేసుకోకు. స్టేషన్‌కు నేనే వస్త, మీ నాయనను రమ్మనకు, ఆయనకు మోకాళ్ల నొప్పి.

మీ బాబాయి,
హన్మకొండ