మల్లె కుండీ లోపలికి తెచ్చే వేళ

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మడికి, న్యూజెర్సీ ఎడిసన్ నుంచి పెద్దమ్మ ఆశీస్సులు.

నిన్న ఫోన్‌లో "పెద్దమ్మా, మల్లె ఆకులు పండిపోతున్నాయి, కనకాంబరం తల వేలాడేసింది, రెండూ చచ్చిపోతాయా?" అని అడిగావు. నేను జవాబు చెప్పేలోపే ఆఫీసు కాల్ వచ్చిందని పెట్టేశావు. అప్పటినుంచి నాకదే ధ్యాస. ఇది ఫోన్‌లో రెండు ముక్కల్లో చెప్పే సంగతి కాదు, అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. ఇరవై ఆరేళ్లుగా ఈ చలిలో మన పూలమొక్కలు పెంచుతున్నాను. పోగొట్టుకున్నవి చాలా ఉన్నాయి. నిలబెట్టుకున్న వాటిలో ఒక మల్లెకి ఈ ఏడు పద్దెనిమిదేళ్లు నిండాయి.

ముందు టెన్షన్ పడకు. ఇప్పుడు సెప్టెంబర్ చివరి వారం. మీ ఒహాయో కొలంబస్‌లో రాత్రిళ్లు 50 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గరికి దిగుతున్నాయి, అంటే మన లెక్కలో 10 సెల్సియస్. మల్లెకీ మందారానికీ అదే గీత. కనకాంబరం ఇంకా సుకుమారం, 55 దగ్గరే ముడుచుకుపోతుంది. ఈ శనివారమే మూడింటినీ లోపలికి తెచ్చెయ్యి. మంచు పడేదాకా ఆగుదామనుకోకు. మొదటి మంచు ఒక్క రాత్రి తగిలితే చాలు, తెల్లారేసరికి ఆకులు ఉడకబెట్టిన తోటకూరలా అయిపోతాయి.

ఏ మొక్క బయట ఉండగలదో, ఏది లోపలికి రావాలో తెలియాలంటే జోన్ చూసుకోవాలి. ఏడాదిలో అన్నిటికన్నా చలిగా ఉండే రాత్రి సగటున ఎంతవరకు దిగుతుందో దాన్నిబట్టి అమెరికా వ్యవసాయ శాఖ ఒక పటం వేసింది. 2023లో దాన్ని మళ్లీ సవరించారు. మీది ఆరో జోన్, అంటే సున్నా నుంచి మైనస్ 10 ఫారెన్‌హీట్ దాకా దిగే చోటు. మల్లెకి తొమ్మిదో జోనో, అంతకన్నా వెచ్చని చోటో కావాలి. కుండీ చుట్టూ దుప్పటి కప్పినా, గోడ పక్కన పెట్టినా ఆ తేడా తీరదు. మొక్క కొనేటప్పుడు చీటీ మీద ఆ అంకె చూడటం అలవాటు చేసుకో.

లోపలికి తెచ్చేముందు ఒక పని ఉంది. దాన్ని వదిలేస్తే జనవరిలో ఏడుస్తావు. ప్రతి ఆకునీ తిప్పి అడుగున చూడు. తెల్లదోమ, పేనుబంక, పిండినల్లి ఉంటే కంటికి కనిపిస్తాయి. ఎర్రనల్లి మాత్రం సన్నటి సాలెగూడులా మెరిసినప్పుడే తెలుస్తుంది. బయట ఉన్నన్నాళ్లూ వానా గాలీ వాటిని అదుపులో పెడతాయి. వెచ్చగా పొడిగా ఉండే మన ఇళ్లలోకి వచ్చాక వాటికి అడ్డే ఉండదు. గొట్టం పెట్టి నీటి జోరుతో ఆకుల అడుగులు కడిగెయ్యి. తర్వాత గార్డెన్ షాపులో మొక్కల కోసమే అమ్మే సబ్బు ద్రావణం కొట్టు, వారం ఆగి ఇంకోసారి కొట్టు. వేపనూనె కొడితే సాయంత్రం కొట్టు, ఎండలో కొడితే ఆకు మాడుతుంది. పెద్ద కుండీలోకి మార్చడం లాంటివి ఇప్పుడు వద్దు, వసంతంలో చూసుకుందాం.

దక్షిణం వైపు కిటికీ ఉంటే మల్లెకి ఆ చోటు ఇవ్వు. మీ ఇంట్లో ఆ కిటికీ కిందే హీటర్ గాలి వస్తుందని అన్నావు కదా, అయితే కుండీని నాలుగడుగులు పక్కకి జరుపు. ఆ పొడి వేడిగాలి మొక్కని నిలువునా ఎండగట్టేస్తుంది. వెలుతురు చాలకపోతే మొక్కల కోసమే అమ్మే దీపం, గ్రో లైట్ ఒకటి కొని, టైమర్ పెట్టి, రోజుకి పన్నెండు గంటలు వెలిగించు. ఆకుల మీద నీళ్లు చిలకరిస్తే తేమ వస్తుందని చాలామంది అంటారు. ఆ తడి కాసేపట్లో ఆరిపోతుంది, దాన్ని నమ్ముకోవద్దు. పిల్లల కోసం కొన్న, గాలికి తేమ పట్టించే హ్యూమిడిఫయర్ ఆ గదిలోనే పెడితే అందరికీ పనికొస్తుంది.

ఇక నీళ్ల సంగతి. ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం అదే.

నేను వచ్చిన మొదటి చలికాలం, ఫ్లోరిడా నర్సరీ నుంచి తెప్పించుకున్న మల్లె మొక్క ఒకటి ఉండేది. లోపలికి తెచ్చిన రెండు వారాలకి ఆకులు పసుప్పచ్చగా మారి రాలడం మొదలైంది. దాహమేస్తోందేమో అనుకున్నాను. రోజూ పొద్దున్నే చెంబుడు నీళ్లు పోశాను. ఇంకా రాలాయి, ఇంకా పోశాను, మధ్యలో ఎరువు కూడా వేశాను. సంక్రాంతి నాటికి కాండం మొదలు నల్లబడి మెత్తబడింది. కుండీ బోర్లిస్తే వేళ్లు చేతిలో జారిపోయాయి, కుళ్లు వాసన. ఆ రోజు చాలాసేపు ఏడ్చాను. ఆ మొక్క ఒక్కటే అప్పట్లో నాకు ఇల్లు అనిపించేది.

తర్వాత నాకు మా నాన్నగారు గుర్తొచ్చారు. కడియం పక్కన మాకు పదిసెంట్ల మల్లెతోట ఉండేదని మీ అమ్మ చెప్పే ఉంటుంది. మార్గశిరం వచ్చేసరికి ఆయన తోటకి నీళ్లు కట్టడం ఆపేసేవారు. ఆకు వాడి, పండి, రాలిపోయేదాకా అలాగే వదిలేసేవారు. తర్వాత కొమ్మలు కత్తిరించి, మిగిలిన ఆకు దూసి, పాదులు తవ్వి, పశువుల ఎరువు వేసి, అప్పుడు నీళ్లు పెట్టేవారు. కొద్దిరోజుల్లో తోటంతా చిగురు. ఉగాది నాటికి బుట్టలు బుట్టలు మొగ్గ. మల్లెని అలా ఎండగట్టి నిద్రపుచ్చితేనే తర్వాత విరగబూస్తుందని మన రైతులందరికీ తెలుసు. చిన్నప్పుడు కళ్లారా చూసినదాన్ని, ఇక్కడికొచ్చాక మర్చిపోయాను.

కాబట్టి ఆకులు రాలితే రాలనీ. వెలుతురు తగ్గింది, అన్ని ఆకులకీ మొక్క తిండి పెట్టలేకపోతోంది, అంతే. వేలు రెండో కణుపు దాకా మట్టిలో గుచ్చి చూడు. లోపల కూడా పొడిగా ఉంటేనే నీళ్లు పొయ్యి. అది వారానికో, పది రోజులకో ఒకసారి వస్తుంది. పోసినప్పుడు అడుగు కన్నంలోంచి కారేదాకా పోసి, పళ్లెంలో నిలిచిన నీళ్లు పారబొయ్యి. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా ఎరువు మాటెత్తకు. మొక్క బతికుందో లేదో అనుమానం వస్తే కాండం మీద గోటితో కొంచెం గీరు. కింద ఆకుపచ్చగా ఉంటే ప్రాణం ఉన్నట్టే.

ఫిబ్రవరి ఆఖరుకి పగళ్లు పెరుగుతాయి. అప్పుడు మూడోవంతు కత్తిరించు. సన్నటి పుల్లలు, ఎండినవి పూర్తిగా తీసెయ్యి. చెయ్యి ఆడదని తెలుసు, కానీ మల్లె కొత్త చిగురు కొసనే మొగ్గ తొడుగుతుంది. పాత కొమ్మ అలాగే ఉంచితే ఆకు తప్ప పువ్వుండదు. చిగుళ్లు కనిపించాక నీళ్లు కొంచెం కొంచెంగా పెంచి, మార్చిలో వర్మికంపోస్ట్ రెండు గుప్పెళ్లు వెయ్యి.

మందారానికీ దాదాపు ఇదే పద్ధతి. చోటు మారగానే ఉన్న మొగ్గలన్నీ రాల్చేస్తుంది, కంగారు పడకు. కిటికీ దగ్గర చోటు చాలకపోతే మీ బేస్‌మెంట్‌లో 50, 55 డిగ్రీలుండే మూల పెట్టి, మూడు వారాలకోసారి కాసిని నీళ్లు పోస్తే చాలు, మోడులా ఉండి మార్చిలో చిగురేస్తుంది. నేలలో మందారం కావాలని అల్లుడుగారు ముచ్చట పడుతున్నారన్నావు. దానికి వేరే జాతి ఉంది, హార్డీ హైబిస్కస్ అని అమ్ముతారు. పువ్వు భోజనం పళ్లెమంత ఉంటుంది, పూజకి ఎర్రది కావాలంటే లార్డ్ బాల్టిమోర్ అనే రకం అడుగు. చలికాలంలో నేలమట్టానికి చచ్చిపోయి, వేరులోంచి మళ్లీ లేస్తుంది. అన్నీ చిగిర్చాక, మే నెల ముదిరాక గానీ అది తల బయటపెట్టదు. పోయిందనుకుని తవ్వి పారేసినవాళ్లని ఎంతమందినో చూశాను. పక్కన ఒక కర్ర గుచ్చి ఉంచు.

కనకాంబరాన్ని నువ్వు ఎంత జాగ్రత్తగా చూసినా ఒక్కో ఏడు పోతుంది. అందుకని ఇప్పుడే నాలుగంగుళాల కొమ్మలు మూడు నాలుగు తుంచి, కింది ఆకులు తీసి, తడి మట్టిలో గుచ్చి, పైన ప్లాస్టిక్ కవర్ వదులుగా కప్పు. వెచ్చగా ఉంటే మూడు నాలుగు వారాల్లో వేళ్లు వస్తాయి. ఎండిన కంకులు ఉంటే పారేయకు. చిన్నప్పుడు ఆ కాయల మీద నీటిచుక్క వేసి టప్పున పేలితే నువ్వు చప్పట్లు కొట్టేదానివి. అలా ఎగిరిన గింజలు ఏరి వసంతంలో చల్లుకోవచ్చు.

ఇప్పుడు చామంతి. దీని గురించి నువ్వు అడగలేదు, కానీ వీడియోలో మీ గుమ్మం ముందు పసుపు చామంతి కుండీలు రెండు కనిపించాయి. అమెరికాలో అందరూ వాటిని మమ్స్ అని కొని, గుమ్మడికాయల పక్కన పెట్టి, నవంబర్‌లో చెత్తబండిలో వేసేస్తారు. నాకు అది చూస్తే మనసు ఉండబట్టదు. మన పూలలో ఈ చలిని తట్టుకుని నేలలోనే నిలబడేవాటిలో చామంతి ఒకటి. కుండీలోనే వదిలేస్తే వేరు గడ్డకట్టి పోతుంది. ఈ వారంలోనే నేలలో పెట్టు, నేల గడ్డకట్టేలోపు కొత్త వేళ్లు పాకడానికి దానికి నెలన్నర కావాలి. పువ్వులు అయిపోయాక ఎండిన కాడలు కొయ్యకు. చూడటానికి బాగోదు నిజమే, కానీ వసంతం దాకా అవి మొదలుకి గొడుగులా అడ్డుంటాయి. నాకు ఈ మాట మా వీధిలోని ఒక పెద్దావిడ చెప్పింది. అంతకుముందు రెండేళ్లు శుభ్రంగా కోసి, రెండేళ్లూ పోగొట్టుకున్నాను.

నేల బాగా గడ్డకట్టాకే చామంతి మొదలు చుట్టూ మూడు నాలుగంగుళాల మందాన ఎండుటాకులు కప్పు. ముందే కప్పితే ఎలకలు చేరతాయి. ఆ కప్పు చలిని ఆపడానికని అందరూ అనుకుంటారు. అసలు సంగతి వేరే ఉంది. మధ్యాహ్నం ఎండకి నేల కరిగి, రాత్రి మళ్లీ గట్టిపడుతుంటే మట్టి ఉబ్బి మొక్కని వేళ్లతో సహా పైకి నెట్టేస్తుంది. కప్పు ఉంటే నేల ఒకే తీరున ఉంటుంది. మంచు పడితే ఇంకా మంచిది, మొక్కకి అదే దుప్పటి.

వసంతంలో చామంతి ఆరంగుళాలు లేవగానే తలలు తుంచెయ్యి. రెండు మూడు వారాలకోసారి అలా తుంచుతూ జూలై 4 దాకా వెళ్లు, ఆ తర్వాత ముట్టుకోకు. ఒక్క కాడ పదికాడలై గుబురుగా వస్తుంది. ఇంకో మాట. చామంతి పగలు కురచై రాత్రి పెరిగితేనే మొగ్గ కడుతుంది. మీ గుమ్మం దీపం రాత్రంతా వెలుగుతూ ఉంటుంది కదా, దాని కింద నాటావంటే అది ఇంకా వేసవే అనుకుని మొగ్గ ఆలస్యం చేస్తుంది. ఇంటి పక్కకి, చీకటి పడే చోట పెట్టు.

నేలసంపెంగ దుంపలు మొదటి మంచుకి ఆకు నల్లబడగానే తవ్వి, మట్టి దులిపి, నీడలో ఆరబెట్టి, కాగితం సంచిలో వేసి బేస్‌మెంట్‌లో ఉంచు. ప్లాస్టిక్ సంచి వద్దు, బూజు పడుతుంది. గులాబీలకి అంటు కట్టిన చోటు మూసుకునేలా అడుగెత్తు మట్టి ఎగదోస్తే సరిపోతుంది. కత్తిరింపు మాత్రం ఇప్పుడు కాదు, మీ వీధిలో ఫోర్సిథియా పొదలు పసుప్పచ్చగా పూసినప్పుడు.

కుండీలు మళ్లీ బయటికి తీసేది మే రెండో ఆదివారం, మదర్స్ డే తర్వాతే. ఏప్రిల్‌లో ఒక వారం ఎండ కాసి ఊరిస్తుంది, తొందరపడకు. తీసిన మొదటి రోజే ఎండలో పెట్టకు. నేను ఒకసారి అలా పెట్టి ఆఫీసుకి వెళ్లి వచ్చేసరికి ఆరునెలలు కాపాడిన ఆకులన్నీ తెల్లగా కాలిపోయాయి. మొదట రెండు మూడు రోజులు పూర్తి నీడ, తర్వాత పొద్దుటి ఎండ గంట, రెండు గంటలు. పది రోజులకి అలవాటు పడుతుంది. అప్పుడిక రోజుకి ఆరుగంటల ఎండ ఇచ్చావంటే జూన్‌కి మొగ్గలు చూస్తావు.

మీ అమ్మ సంక్రాంతికి వస్తూ సామాన్లలో మల్లె అంటు దాచి తెస్తానందట. వద్దని గట్టిగా చెప్పు. మట్టి అంటిన మొక్కని ఈ దేశంలోకి రానివ్వరు, వట్టి మొక్కకైనా తెగుళ్లు లేవని అక్కడి ప్రభుత్వం ఇచ్చే ఫైటోశానిటరీ సర్టిఫికెట్ ఉండాలి. ఎయిర్‌పోర్ట్‌లో దాన్ని తీసి పారేస్తే మా చెల్లి తట్టుకోలేదు.

దాని అవసరం కూడా లేదు. జూన్‌లో నా పెద్ద మల్లెనుంచి నాటిన కొమ్మలు రెండు బాగా వేళ్లు పట్టాయి, నీ పేరు రాసి పెట్టాను. నవంబర్ చివర్లో థాంక్స్‌గివింగ్ పండక్కి వస్తారుగా, తీసుకెళ్దువు గాని. ఎనిమిది గంటల ప్రయాణం, డిక్కీలో పెట్టొద్దు, అక్కడ గడ్డకట్టిపోతాయి. బండి ముందే వేడి చేసి ఉంచమని అల్లుడుగారికి చెప్పు. న్యూస్‌పేపర్ పొట్లంలా చుట్టి, వెనక సీటు కింద, నీ కాళ్ల దగ్గర పెట్టుకుందువు గాని.

ఇట్లు,
మీ పెద్దమ్మ