టెక్ సందేహాలు: ఇంటి చదువుకు పాఠాలు వెతకడం, సర్దుకోవడం

ఈ వారం గోదావరి జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో నాలుగు, పిల్లలకు ఇంట్లోనే చదువు చెప్పుకుంటున్న కుటుంబాలకు పనికివచ్చేవి. అందువల్ల మిగిలిన ప్రశ్నలను వచ్చే వారానికి ఉంచి, ఉన్న స్థలమంతా వీటికే ఇస్తున్నాను.

ప్రశ్న: మాది పి.గన్నవరం దగ్గర ఒక లంక గ్రామం. మా వారు రొయ్యల చెరువుల పని మీద తరచూ ఊళ్లు మారవలసి వస్తున్నందున, పదేళ్ల అమ్మాయికి, ఏడేళ్ల అబ్బాయికి ఇంట్లో నేనే చదువు చెబుతున్నాను. వాట్సాప్‌లో వచ్చిన పీడీఎఫ్‌లు, యూట్యూబ్ లింకులు, రకరకాల యాప్‌లు ఫోన్ నిండా ఉన్నాయి కానీ, కావలసిన రోజున కావలసింది దొరకదు. వరదలొస్తే నెట్ కూడా ఉండదు. మంచి పాఠాలు ఎక్కడ దొరుకుతాయి, వాటిని ఎలా సర్దుకోవాలి? ఒక పాత ల్యాప్‌టాప్, రెండు ఆండ్రాయిడ్ ఫోన్లు ఉన్నాయి.

జవాబు: అమ్మా, మీకు పాఠాల కొరత లేదు. ఏ పాఠం ఎందుకు దాచుకున్నారో చెప్పే జాబితా ఒక్కటే లేదు. కాబట్టి ముందు కొన్నాళ్లు వెతకడం ఆపి, ఇద్దరు పిల్లల తరగతులకు సంబంధించిన ప్రభుత్వ పాఠ్యపుస్తకాల విషయసూచికలను ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. ఆంధ్రప్రదేశ్ ఎస్‌సీఈఆర్‌టీ (బడి పుస్తకాలు తయారుచేసే రాష్ట్ర సంస్థ) పాఠ్యపుస్తకాలు పీడీఎఫ్ రూపంలో ఉచితంగా దొరుకుతాయి. ఒక పేజీలో తెలుగు, ఎదుటి పేజీలో అదే పాఠం ఆంగ్లంలో ఉండేలా అచ్చైన పుస్తకాలు ఇంట్లో చెప్పే తల్లికి ఎంతో ఉపయోగం; పిల్లలు రేపు ఏ మాధ్యమంలో చేరినా పదజాలం కొత్తగా అనిపించదు. ఆ పుస్తకాన్నే వాడి తీరాలని నేను అనను. కానీ ఎవరైనా ఒక వీడియో పంపినప్పుడు, అది ఏ అధ్యాయానికి పనికివస్తుందో చెప్పలేకపోతే, దానిని దాచుకోవలసిన అవసరం లేదని తేల్చుకోవడానికి ఆ విషయసూచిక చాలు.

అధ్యాయాల పట్టీ సిద్ధమైన తరువాత నాలుగైదు చోట్ల వెతికితే సరిపోతుంది. మొదటిది 2017లో మొదలైన కేంద్ర ప్రభుత్వ వేదిక దీక్ష. పాఠ్యపుస్తకంలో అచ్చైన క్యూఆర్ కోడ్‌ను ఆ యాప్‌తో స్కాన్ చేస్తే ఆ పాఠానికి చెందిన వీడియోలు, అభ్యాసాలు తెరుచుకుంటాయి. నెట్ ఉన్నప్పుడు యాప్‌లోనే దించుకుంటే తరువాత నెట్ లేకుండా చూడవచ్చు. మీ అబ్బాయి చదివే వయసుకు ప్రథమ్ బుక్స్ సంస్థ 2015లో తెరిచిన స్టోరీవీవర్ చాలా మంచి చోటు. అక్కడి తెలుగు కథలు చదివే స్థాయిని బట్టి నాలుగు మెట్లుగా విడదీసి ఉంటాయి, పీడీఎఫ్‌గా దించుకోవచ్చు, క్రియేటివ్ కామన్స్ లైసెన్సు ఉన్నందున అచ్చు తీసి పక్కింటి పిల్లలకు ఇచ్చినా తప్పు లేదు. సైన్సు, లెక్కలకు కొలరాడో విశ్వవిద్యాలయం వారి ఫెట్ ప్రయోగాలు ఉన్నాయి. భిన్నాలు, విద్యుత్ వలయాలు, నీటిలో తేలడం, మునగడం వంటివాటిని పిల్లలు తెర మీద తామే మార్చి చూసుకోవచ్చు. వీటిలో కొన్నింటికి తెలుగు అనువాదం కూడా ఉంది. తెలుగు మాటల అర్థాలకు ఆంధ్రభారతి నిఘంటువులను మించిన చోటు నాకు తెలియదు. బ్రౌన్ నిఘంటువు మొదలు సూర్యరాయాంధ్ర నిఘంటువు వరకు ఒకే పెట్టెలో వెతకవచ్చు.

ఇక నెట్ లేని రోజుల సంగతి. కాజ్‌వే మునిగి, టవరు కూడా మూగబోయిన రోజుల్లో పిల్లలు ఇంట్లోనే ఉంటారు, చదువుకు తీరికా ఉంటుంది. అందుకే లింకు దాచుకోవడం దాచుకోవడం కాదని, వస్తువే మీ దగ్గర ఉండాలని నేను గట్టిగా చెబుతాను. ఇందుకు రెండు ఉచిత సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. కివిక్స్ ద్వారా తెలుగు వికీపీడియా మొత్తాన్ని ఒకే ఫైలుగా దించుకోవచ్చు. బొమ్మలతో, బొమ్మలు లేకుండా వేర్వేరు పరిమాణాల్లో ఉంటుంది కాబట్టి ఫోనుకు చిన్నది, ల్యాప్‌టాప్‌కు పెద్దది పెట్టుకోండి. ఇలాంటి పెద్ద ఫైళ్ల విషయంలో ఒక చిక్కు ఉంది. పాత పెన్‌డ్రైవ్‌లు, చిన్న మెమరీ కార్డులు ఫ్యాట్32 పద్ధతిలో ఉంటాయి, వాటిలో 4 జీబీ దాటిన ఫైలు పట్టదు. కాపీ మధ్యలో ఆగిపోతే కార్డు చెడిపోయిందని పారవేయవద్దు; అందులోనివి మరోచోట భద్రపరచి, పెద్ద ఫైళ్లూ పట్టే ఎక్స్‌ఫ్యాట్‌గా ఫార్మాట్ చేస్తే సరిపోతుంది.

రెండవది లెర్నింగ్ ఈక్వాలిటీ సంస్థ రూపొందించిన కొలిబ్రి. దీన్ని మీ పాత ల్యాప్‌టాప్‌లో పెట్టి, ఖాన్ అకాడమీ, ఫెట్, స్టోరీవీవర్ వంటి వాటి నుంచి మీకు కావలసిన అధ్యాయాలను మాత్రమే ఎంచుకుని దించుకోండి. ఆ తరువాత ఇంట్లో నెట్ లేకపోయినా, వైఫై రూటరుకో ఫోన్ హాట్‌స్పాట్‌కో కలిపితే ఇద్దరు పిల్లలూ రెండు ఫోన్లలో అవే పాఠాలు చూడగలుగుతారు. పిల్లలు ఎంతవరకు వచ్చారో కూడా అది గుర్తుపెట్టుకుంటుంది. అమర్చుకోవడానికి ఒక పూట పడుతుంది, అయినా మీ వంటి కుటుంబానికి నేను మొదట చెప్పే సాధనం ఇదే. జూన్ నెలాఖరులోగా ఈ పని ముగించుకుంటే వరదల నాటికి నిశ్చింతగా ఉంటారు.

ఫైళ్ల అమరిక మన డెల్టా కాలువల పద్ధతిలో ఉంటే చాలు: ప్రధాన కాలువ తరగతి, దాని నుంచి చీలే పిల్ల కాలువ సబ్జెక్టు, చివరి పంట బోదె అధ్యాయం. అంతకు మించి లోపలికి ఫోల్డర్లు తవ్వవద్దు. ప్రతి ఫైలు పేరుకు ముందు 01, 02 అని అధ్యాయం సంఖ్య వేస్తే అవి వరుసలో నిలుస్తాయి. ఒక్క 1 మాత్రమే వేస్తే కొన్ని పరికరాల్లో 10వ పాఠం 2వ పాఠం కంటే ముందుకు వస్తుంది. సంఖ్య తరువాతి పేరు తెలుగులోనే ఉంచుకోవచ్చు. వాట్సాప్‌లో వచ్చిన పీడీఎఫ్‌ను అక్కడే వదిలేస్తే, ఆ సంభాషణను తుడిచిన రోజున ఫైలు కూడా పోవచ్చు. అందువల్ల వచ్చిన రోజే దాని పేరు మార్చి మీ ఫోల్డర్‌లోకి తెచ్చుకోండి. వాట్సాప్ సెట్టింగుల్లో దానంతటదే డౌన్‌లోడ్ అయ్యే సదుపాయాన్ని ఆపివేయండి.

ఈ అమరికకు తోడు ఒకే ఒక పట్టిక ఉండాలి. గూగుల్ షీట్స్‌లో అయినా, లిబ్రే‌ఆఫీస్‌లో అయినా, గళ్ల పుస్తకంలో అయినా ఫరవాలేదు. అధ్యాయం, వనరు పేరు, అది ఎక్కడ ఉంది, ఎన్ని నిమిషాలు పడుతుంది, ఏ తేదీన వాడారు, పిల్లకు ఎలా అనిపించింది అనే ఆరు గడులు చాలు. వీటిలో చివరిదే అన్నిటికంటే విలువైనది. మూడేళ్ల తరువాత అదే పాఠం మీ అబ్బాయికి చెప్పేటప్పుడు, అక్కకు ఏది అర్థమైందో, దేని దగ్గర విసిగిపోయిందో మీ చేతిరాతే మీకు చెబుతుంది. విద్యా హక్కు చట్టం, 2009లో ఇంటి చదువుకు విడిగా నమోదు పద్ధతి ఏదీ లేదు. అయితే బడి బయట ఉన్న పిల్లలను వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలని ఆ చట్టం 4వ సెక్షను చెబుతుంది. ఎప్పుడైనా బడిలో చేర్చాలనుకుంటే, ఈ పట్టికతో పాటు పిల్లల నోటుపుస్తకాల ఫొటోలు చూపిస్తే మాట్లాడుకోవడం తేలికవుతుంది.

చివరగా, మీ చుట్టూ ఉన్న నేలను వనరుల పట్టికలో చేర్చడం మరచిపోవద్దు. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట గురించి చదివిన అమ్మాయికి, అక్కడి కాటన్ మ్యూజియం ఒక అధ్యాయమే. గూగుల్ ఎర్త్ టైమ్‌ల్యాప్స్‌లో 1984 నుంచి ఏడాది వారీగా ఉపగ్రహ చిత్రాలు ఉన్నాయి. ఉప్పాడ తీరం, కాకినాడ ఎదుటి హోప్ ఐలాండ్, మీ లంక ఒడ్డు ఎలా మారుతూ వచ్చాయో పిల్లలతో కలిసి చూడండి. ఎక్కడ ఒండ్రు పేరుకుంది, ఎక్కడ ఒడ్డు కోసుకుపోయింది అని వారినే గీయమనండి. ఆ బొమ్మను ఫొటో తీసి భూగోళం ఫోల్డర్‌లో పెడితే, దించుకున్న ఏ వీడియో కంటే అది మంచి పాఠం.

ప్రశ్న: మాది పాలకొల్లు. మా అబ్బాయి ఇంట్లోనే చదువుకుంటున్నాడు. పదో తరగతి పరీక్షకు పుస్తకాలు, సాధన పత్రాలు ఆన్‌లైన్‌లో ఎక్కడ దొరుకుతాయి?

జవాబు: ముందు ఏ బోర్డు ద్వారా రాయిస్తారో తేల్చుకోండి, ఎందుకంటే పుస్తకాలు దానిని బట్టి మారిపోతాయి. కేంద్ర స్థాయిలో 1989లో ఏర్పడిన జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ, అంటే ఎన్‌ఐఓఎస్ ఉంది. రాష్ట్రంలో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విద్యాపీఠం ఉంది. పదో తరగతికి రెండింటిలోనూ కనీస వయసు 14 ఏళ్లు. ఎన్‌ఐఓఎస్‌లో తెలుగు మాధ్యమం కూడా ఉంది, పాఠ్యసామగ్రి ఆ సంస్థ వెబ్‌సైటులోనే ఉచితంగా పీడీఎఫ్‌గా దొరుకుతుంది. అక్కడ ఒకసారి నమోదైతే అయిదేళ్లు చెల్లుతుంది, ఒక్కో సబ్జెక్టు విడివిడిగా రాసుకోవచ్చు. కాబట్టి ఫోల్డర్లను కూడా పరీక్ష విడతల వారీగా, ఈ విడతలో రాసే సబ్జెక్టులు ఒకచోట, తరువాతివి మరోచోట పెట్టుకోండి. పాత ప్రశ్నపత్రాలు బోర్డు వెబ్‌సైటు నుంచే తీసుకోండి. బయట గైడుల పేరుతో తిరిగే పీడీఎఫ్‌లలో పాత సిలబస్ కలిసి ఉండే ప్రమాదం ఉంది.

ప్రశ్న: భీమవరం నుంచి రాస్తున్నాను. పిల్లల ఇంటి చదువుకు కొత్త ట్యాబ్ కొనాలా, ఉన్న ల్యాప్‌టాప్ చాలా? ప్రింటర్ ఏది మంచిది?

జవాబు: ల్యాప్‌టాప్‌లో పాత హార్డ్ డిస్క్ ఉంటే, దాని స్థానంలో మరింత వేగంగా పనిచేసే ఎస్‌ఎస్‌డీ వేయించండి, నెమ్మదితనంలో ఎక్కువ భాగం పోతుంది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది కనుక, విండోస్ 11 ఎక్కని యంత్రమైతే ఉచిత ఆపరేటింగ్ సిస్టములైన ఉబుంటు గానీ, లినక్స్ మింట్ గానీ పెట్టించుకోవచ్చు. పైన చెప్పిన కివిక్స్, కొలిబ్రి రెండూ వాటి మీద పనిచేస్తాయి. పాఠ్యపుస్తకం పేజీ నిండుగా కనిపించాలంటేనే ట్యాబ్ అవసరం. కొంటే పది అంగుళాల తెర, మెమరీ కార్డు పెట్టే చోటు ఉన్నది చూడండి. పదమూడేళ్ల లోపు పిల్లలకు గూగుల్ ఫ్యామిలీ లింక్ ద్వారా ఖాతా తెరిచి, ఏ యాప్ పెట్టాలన్నా మీ అనుమతి కావాలని అమర్చండి.

అభ్యాస పత్రాలు ఎక్కువగా తీసేవారికి నలుపు తెలుపు లేజర్ ప్రింటర్ మంచిదని నా అభిప్రాయం. వారాల తరబడి వాడకపోయినా అందులోని టోనర్ పొడి ఎండిపోదు. రంగుల ఇంక్‌ట్యాంక్ ప్రింటర్ ఉంటే వారానికొక రంగుల పేజీ తీస్తూ ఉండాలి, లేకపోతే సిరా గడ్డకట్టి గీతలు పడతాయి. తీరప్రాంతపు తేమకు కాగితం చెమ్మగిల్లి ప్రింటర్‌లో ఇరుక్కుంటుంది కాబట్టి, వాడని కాగితాల కట్టను మూసిన ప్లాస్టిక్ సంచిలో ఉంచండి.

ప్రశ్న: అమలాపురంలో విశ్రాంత ఉపాధ్యాయుడిని. నేను ఏళ్ల తరబడి టైపు చేయించిన తెలుగు వ్యాకరణం నోట్సు పీడీఎఫ్‌లుగా ఉంది. మనవరాలికి చెప్పడానికి అందులో ఏదైనా మాట వెతికితే దొరకడం లేదు. కాపీ చేస్తే ఇంగ్లిషు అక్షరాలు, గుర్తులు వస్తున్నాయి.

జవాబు: మాస్టారూ, ఆ నోట్సు, అన్ని పరికరాలూ తెలుగు అక్షరాలను ఒకేలా గుర్తించే యూనికోడ్ పద్ధతి రాక ముందటి ఫాంట్లలో టైపు అయి ఉంటుంది. కంటికి తెలుగుగా కనిపించినా, ఫైలు లోపల ఉన్నవి ఇంగ్లిషు సంకేతాలే. ముందుగా పీడీఎఫ్ పేజీలను బొమ్మలుగా మార్చండి. ఈ మెట్టు వదిలేస్తే, లోపలి సంకేతాలే మళ్లీ బయటకు వచ్చే అవకాశం ఉంది. ఆ బొమ్మలను గూగుల్ డ్రైవ్‌లో పెట్టి, ఒక్కొక్కదాన్ని గూగుల్ డాక్స్‌తో తెరిస్తే, బొమ్మ కింద వెతకడానికి వీలయ్యే యూనికోడ్ తెలుగు అక్షరాలు వస్తాయి. కొన్ని పేజీల చొప్పునే చేయండి. వ్యాకరణం పుస్తకం కాబట్టి పట్టికలు చెదిరిపోతాయి. ఒత్తులు, అరసున్నలు, శకటరేఫలు తప్పుగా పడవచ్చు. వాటిని దిద్దే పనిని మనవరాలికి అప్పగిస్తే, సంధి సూత్రాలన్నీ ఆమె ఒకసారి అక్షరం అక్షరం చదివినట్లవుతుంది. అసలు పీడీఎఫ్‌లను మాత్రం తుడిచివేయకుండా, దిద్దిన ప్రతి పక్కనే అదే పేరుతో ఉంచుకోండి.