మెకానిక్ షాపుకు బీమా లేనంత మాత్రాన బాధ్యత తప్పిపోదు

ఆమదాలవలస నుంచి మీరు అడిగిన ప్రశ్న సారాంశం ఇది. సర్వీసింగ్‌కు ఇచ్చిన మోటారు సైకిలును షాపులో పనిచేసే కుర్రాడు ట్రయల్ చూస్తానని రోడ్డు మీదకు తీసుకెళ్లి పడేశాడు. ట్యాంకుకు సొట్ట పడింది, ముందు ఫోర్కు వంగింది, హెడ్‌లైటు పగిలింది. షాపు యజమానేమో తమకు ఇన్సూరెన్సు ఏదీ లేదు కనుక తామేమీ ఇచ్చుకోలేమని, పైగా గోడ మీద ‘వాహనాలకు యాజమాన్యం బాధ్యత వహించదు’ అన్న బోర్డు ఉందని అంటున్నారు.

షాపుకు బీమా ఉందా లేదా అన్నది ఆ డబ్బు ఎవరి జేబులోంచి రావాలో మాత్రమే తేలుస్తుంది. మీకు డబ్బు రావాలా వద్దా అన్నదాన్ని తేల్చదు. బీమా ఉంటే యజమాని తరఫున కంపెనీ కట్టేది, లేదు కాబట్టి యజమానే కట్టుకోవాలి. నేను విజయనగరంలో ఉంటాను. కొన్నేళ్ల కిందట ఇలాంటి తగాదాలోనే దిగి, చివరకు నాకు రావలసినదానిలో ఎక్కువ భాగం రాబట్టుకున్నాను కాబట్టి, అప్పుడు తెలుసుకున్న విషయాలను మీ పరిస్థితికి అన్వయించి కొంచెం వివరంగానే రాస్తున్నాను.

చట్టం దృష్టిలో మీరు బండిని మెకానిక్‌కు అప్పగించడం ఒక ఒప్పందం. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలో 148వ సెక్షను నుంచి వచ్చే భాగమంతా దీని గురించే. ఒక పని నిమిత్తం మరొకరి వస్తువును తన అధీనంలోకి తీసుకున్న మనిషి, వివేకం ఉన్నవాడు తన సొంత వస్తువును ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో అంత జాగ్రత్తగా దాన్ని చూడాలని 151వ సెక్షను చెబుతుంది. మీ విషయంలో 154వ సెక్షను ఇంకా ముఖ్యం. అప్పగించిన పనికి కాక మరో పనికి వస్తువును వాడుకుంటే, ఆ వాడకంలో జరిగిన నష్టానికి వాడుకున్నవారే పరిహారం చెల్లించాలని అందులో ఉంది. అందుచేత ఆ కుర్రాడు నిజంగా బ్రేకు, క్లచ్చు పరీక్షించడానికే వెళ్లాడా, లేక టీ ఫ్లాస్కు నింపుకురావడానికో, మరో షాపులో స్పేర్ పార్టులు తేవడానికో మీ బండి వేసుకుని వెళ్లాడా అన్నది తప్పనిసరిగా కనుక్కోండి. బండి ఎక్కడ పడిందో తెలిస్తే సగం సమాధానం దొరుకుతుంది. షాపు ముందు రోడ్డు మీద పడటం వేరు, నాలుగు వీధుల అవతల బజారులో పడటం వేరు. ఏ సందర్భంలోనైనా, పనిలో ఉన్న కుర్రాడు చేసిన నష్టానికి అతన్ని పనిలో పెట్టుకున్న యజమానే జవాబుదారీ. ‘వాడి జీతంలో కోసుకోండి’ అని మిమ్మల్ని ఆ కుర్రాడి మీదకు పంపడం న్యాయమూ కాదు, చట్టమూ కాదు.

బోర్డు సంగతికి వస్తే, 2019 నవంబరు 14న సుప్రీంకోర్టు ఢిల్లీలోని తాజ్‌మహల్ హోటల్ కేసులో ఇచ్చిన తీర్పును గుర్తుపెట్టుకోండి. హోటలు సిబ్బందికి తాళం ఇచ్చి పార్కింగుకు అప్పగించిన ఒక మారుతీ జెన్ కారు 1998లో దొంగతనానికి గురైంది. పార్కింగు చీటీ మీద యజమాని పూచీ మీదనే వాహనం ఉంచాలని అచ్చు వేసి ఉందని హోటలు వాదించింది. వస్తువు తమ అధీనంలో ఉన్నప్పుడు తగిన జాగ్రత్త తీసుకున్నామని ముందుగా వారే రుజువు చేసుకోవాలి తప్ప, ఆ అచ్చు వాక్యాన్ని అడ్డం పెట్టుకుని తమ నిర్లక్ష్యం నుంచి తప్పించుకోలేరని కోర్టు తేల్చింది. అంత పెద్ద హోటలుకు వర్తించిన సూత్రం మన షెడ్డు గోడ మీది బోర్డుకు వర్తించకుండా పోదు. బండి బాగున్న స్థితిలో ఇచ్చారని, దెబ్బలతో తిరిగి వచ్చిందని మీరు చూపిస్తే, జాగ్రత్త తీసుకున్నామని చూపవలసిన భారం వారి మీద పడుతుంది.

ఇక నా అనుభవం. ఎరువుల దుకాణాల నుంచి ఆర్డర్లు తీసుకునే ఉద్యోగం నాది. గుర్ల, చీపురుపల్లి, రాజాం, బొబ్బిలి అన్నీ బండి మీదే తిరగాలి. విజయనగరంలోని ఒక షాపులో ఇంజన్ ఆయిల్ మార్పించుకున్న కొద్ది రోజులకే, చీపురుపల్లి దాటాక నడుస్తున్న బండి ఒక్కసారిగా పట్టేసి వెనక చక్రం ఈడ్చుకుపోయింది. దిగి చూస్తే ఇంజను అడుగున ఆయిల్ దించే బోల్టు లేదు, కింది భాగమంతా నూనె చిమ్మి ఉంది. జరిగింది తర్వాత తెలిసింది. ఇంజను కేసు అల్యూమినియంతో చేసినది, బోల్టు ఉక్కుది. కొలత లేకుండా పెద్ద పానా వేసి బిగిస్తే అల్యూమినియం మరలు చిరిగిపోతాయి. అప్పటికి బోల్టు నిలిచినట్టే ఉంటుంది గాని, ఇంజను అదురుకు క్రమంగా వదులై ఊడిపోతుంది. నూట పాతిక సీసీ లోపు బండ్లలో ఉండేదే సుమారు లీటరు ఆయిలు. అది కారిపోయాక వేడికి పిస్టన్ ఉబ్బి బోరులో ఇరుక్కుంటుంది. బోరు కొట్టించి పెద్ద సైజు పిస్టన్ వేయడం, కనెక్టింగ్ రాడ్డు, బేరింగులు, చిరిగిన మరలకు లేత్ పని, అన్నీ కలిపి సుమారు 14,000 రూపాయల ఖర్చు తేలింది.

ఆ షాపు యజమాని మొదట అన్న మాటలు మీకు చెప్పినవే: మాకు ఇన్సూరెన్సు లేదు, మీ బండి పాతది, మీరు ఎక్కువ దూరం తోలారు. బండిని తన షాపుకే తెస్తే తాను చూస్తానని కూడా అన్నారు. అందుకు నేను ఒప్పుకోలేదు. నష్టానికి కారణం ఏమిటో చెప్పే ఏకైక సాక్షి ఆ ఇంజనే. దాన్ని నష్టం చేసినవారి చేతికే మళ్లీ ఒప్పజెబితే చిరిగిన మరలు, గీతలు పడ్డ పిస్టను మరునాటికి పాత ఇనుములో కలిసిపోతాయి. ట్రాలీ ఆటోలో బండిని కంపెనీ సర్వీసు సెంటరుకు చేర్చి, ఫలానా రోజు ఇంజను విప్పుతున్నారు, మీరు కూడా వచ్చి చూడండి అని షాపు యజమానికి వాట్సాప్‌లోనూ ఉత్తరంలోనూ తెలియజేశాను. ఆయన వచ్చారు. ఆయన ఎదుటే విప్పి, ఫొటోలు తీసి, మరలు చిరిగి ఉన్నాయని, లోపల ఆయిల్ లేకపోవడమే కారణమని సర్వీసు సెంటరు మెకానిక్ జాబ్ కార్డు (బండి మీద చేసిన పని వివరాలు రాసే కాగితం) మీదే రాశారు. ఆ ఒక్క కాగితం తర్వాతి సంభాషణల తీరునే మార్చేసింది.

మీరూ అదే పద్ధతి పాటించండి. బండిని ఇచ్చేటప్పటి స్థితికి సాక్ష్యంగా పాత ఫొటోలు, సర్వీసింగ్‌కు కట్టిన ఫోన్‌పే రసీదు, కుర్రాడు పడేశాడని యజమాని ఒప్పుకుంటూ పంపిన సందేశం లేదా వాయిస్ మెసేజ్ ఏది ఉన్నా చెరిపివేయకుండా దాచండి. షాపు పక్క దుకాణాలకు సీసీ కెమెరాలు ఉంటే ఆ దృశ్యాలు ఎక్కువ కాలం నిలవవు కనుక వెంటనే అడగండి. ఫోర్కు విషయంలో మాత్రం ప్రత్యేకంగా పట్టుబట్టండి. వంగిన ఫోర్కు గొట్టాలను ప్రెస్సులో పెట్టి సరిచేసి బిగించడం మన ప్రాంతంలో మామూలే గాని, అలా సరిచేసిన గొట్టం మునుపటి బలంతో ఉండదు, ఆయిల్ సీలు దగ్గర కారడం మొదలవుతుంది, వేగంలో హ్యాండిలు ఒక పక్కకు లాగుతుంది. ఇది డబ్బు విషయం కాదు, మీ ప్రాణం విషయం. గొట్టాలు, హ్యాండిల్ కింది టీ, ఛాసిస్ తల భాగం మూడింటినీ చూసి రాతపూర్వకంగా అంచనా ఇవ్వమని సర్వీసు సెంటరును అడగండి.

మీ సొంత పాలసీ సంగతి కూడా చూడాలి. చట్టరీత్యా తప్పనిసరి అయిన థర్డ్ పార్టీ బీమా మాత్రమే ఉంటే మీ బండి నష్టానికి పైసా రాదు. సమగ్ర బీమా ఉంటే, నా బండి వంటి యాంత్రిక వైఫల్యానికి వర్తించకపోయినా, మీ బండిలా కింద పడి జరిగిన నష్టానికి వర్తించే అవకాశం ఉంది. అయితే నడిపినవారికి చెల్లుబాటయ్యే లైసెన్సు ఉండాలి. పాలసీలో ‘వినియోగ పరిమితులు’ అనే భాగంలో మోటారు వ్యాపార సంబంధమైన (అంటే బండ్ల అమ్మకం, మరమ్మతు వంటి వ్యాపారాల కోసం చేసే) వాడకాన్ని మినహాయించి ఉంటారు కనుక, కంపెనీ ఆ మాట పట్టుకుని అభ్యంతరం చెప్పవచ్చు కూడా. తిరస్కరిస్తే కారణాన్ని రాతపూర్వకంగా తీసుకోండి, అదీ మీ ఫైలుకు పనికొస్తుంది. ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు 50 శాతం తరుగు కోస్తారని, క్లెయిము తీసుకుంటే నో క్లెయిమ్ బోనస్ (క్లెయిము చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) పోతుందని లెక్క వేసుకుని నిర్ణయించుకోండి. అలా పోయిన మొత్తాన్ని కూడా షాపు నుంచి అడగవచ్చు. ‘మీరే నడుపుతూ పడ్డారని కంపెనీకి చెప్పండి, అందరికీ సుఖం’ అని షాపువారు సలహా ఇస్తే దయచేసి వినకండి. అబద్ధపు క్లెయిము బయటపడితే బీమా పోవడమే కాక, షాపు మీద మీకున్న హక్కునూ మీ సంతకంతోనే చెరిపేసుకున్నట్టవుతుంది.

ఆ కుర్రాడు పద్దెనిమిదేళ్లు నిండనివాడైతే విషయం మరింత తీవ్రం. 2019లో మోటారు వాహనాల చట్టంలో చేర్చిన 199ఏ సెక్షను, మైనరు బండి నడిపి నేరం చేస్తే సంరక్షకుడితో పాటు వాహన యజమానిని కూడా బాధ్యుణ్ణి చేస్తుంది. మీకు తెలియకుండా జరిగిందని మీరు చూపించుకోగలగాలి. బండిని రోడ్డు మీదకు తీయడానికి మీ అనుమతి లేదని ఇప్పుడే రాసి పంపడం అందుకే అవసరం. దారిలో ఎవరికైనా గాయమై ఉంటే ఒక్క రోజు కూడా ఆగకుండా పోలీసులకు, మీ బీమా కంపెనీకి తెలియజేయండి.

షాపువారు సర్వీసింగ్ బిల్లు కడితేనే బండి ఇస్తామంటే, చేసిన పనికి డబ్బు వచ్చేవరకు వస్తువును ఉంచుకునే హక్కు కాంట్రాక్టు చట్టం 170వ సెక్షను కింద వారికి ఉన్నమాట నిజమే. కానీ ఆ పని అప్పగించిన ఉద్దేశానికి తగినట్టు జరిగి ఉండాలి. గొడవ పెంచుకోవడం ఇష్టం లేకపోతే ‘అభ్యంతరంతో చెల్లిస్తున్నాను’ అని రసీదు మీద రాసి డబ్బు కట్టి బండి తెచ్చుకోవడం మేలని నా అభిప్రాయం. షాపులో ఉన్నంతకాలం బండి సాక్ష్యం మీ చేతిలో ఉండదు.

తర్వాత రాతపూర్వకమైన నోటీసు పంపండి. ఏం జరిగింది, ఎంత ఖర్చు, ఎన్ని రోజుల్లో చెల్లించాలి అన్నది ఒక పేజీలో చాలు. దానికి స్పందన లేకపోతే నేను చేసినట్టే శ్రీకాకుళంలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో కేసు వేయకముందటి దశలోనే అర్జీ పెట్టడం మంచిది. 15100 నంబరుకు ఫోను చేసినా దారి చెబుతారు. అక్కడ కోర్టు ఫీజు లేదు. వారు షాపు యజమానికి నోటీసు పంపి ఇద్దరినీ కూర్చోబెడతారు. అలా ఇద్దరూ రాజీకి ఒప్పుకుంటే లోక్ అదాలత్ ఇచ్చే అవార్డుకు, అంటే తీర్పుకు, సివిల్ కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది, దాని మీద అప్పీలు ఉండదు. నా విషయంలో ఆ నోటీసు అందాకే షాపు యజమాని మాట మారింది. పాత పిస్టన్ స్థానంలో కొత్తది వచ్చింది కనుక అరిగిన భాగాల వరకు కొంత నేను భరించడానికి ఒప్పుకున్నాను. అది న్యాయమేనని ఇప్పటికీ నమ్ముతున్నాను. మిగిలినది ఆయన వాయిదాల మీద చెల్లించారు. రోజు కూలి మీద నడిచే షాపు ఒకేసారి అంత మొత్తం కట్టలేదన్నది నిజం, కానీ కట్టలేకపోవడానికీ కట్టనక్కర్లేదనడానికీ మధ్య ఉన్న తేడాను మాత్రం మనం వదులుకోకూడదు.

అక్కడ కుదరకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా వినియోగదారుల కమిషన్‌కు ఫిర్యాదు చేయండి. షాపు ఎక్కడున్నా, మీరు నివసించే జిల్లాలోనే వేసుకోవచ్చు. సేవకు చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు ఉంటే ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు. నోటీసు అందిన 30 రోజుల్లో, మరీ అవసరమైతే ఇంకో 15 రోజుల్లో, అవతలివారు జవాబు దాఖలు చేయాలి. ఆదేశాన్ని పాటించకపోతే 72వ సెక్షను కింద నెల నుంచి మూడేళ్ల వరకు జైలు, 25,000 నుంచి లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ ఉండవచ్చు. నష్టం జరిగిన నాటి నుంచి రెండేళ్లలోపు ఫిర్యాదు వేయాలి. ముందుగా సలహా కావాలంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. మరమ్మతు బిల్లుతో పాటు బండిని తరలించిన ఖర్చు, అది లేని రోజుల్లో ఆటోలకు, బస్సులకు అయిన ఖర్చు, మీరు పోగొట్టుకున్న సంపాదన కూడా రసీదులతో అడగండి.

ఎక్కడ రాజీ కుదిరినా ఆ కాగితం మీద మొత్తం సొమ్ము, వాయిదా తేదీలు, ఒక వాయిదా తప్పితే మిగిలినదంతా వెంటనే చెల్లించాలన్న షరతు, సంతకాల కింద ఇద్దరి చిరునామాలు ఉండేలా చూసుకోండి. చివరి వాయిదా అందేవరకు పాడైన హెడ్‌లైటు, వంగిన ఫోర్కు గొట్టాలను పారేయకండి.