మంచు పొర మీద గామా కొలవబోయే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

క్లోరిన్ నైట్రేట్, హైడ్రోజన్ క్లోరైడ్ మంచు మీద కలిసే చర్యను ఫ్లో ట్యూబులో, అంటే లోపలి గోడకు మంచు పరిచి వాయువులు పంపే గాజు గొట్టంలో, కొలవబోతున్నానని రాశావు. చాలా సంతోషం. ఒక్క మాట ముందే చెప్పేస్తాను, మిగతా ఉత్తరమంతా దాని చుట్టూనే తిరుగుతుంది. నీకు వచ్చే అంకె, అంటే గామా (మంచును తాకిన అణువుల్లో మారిపోయే వంతు), ఆ చర్యది మాత్రమే కాదు, గొట్టం లోపల నువ్వు పరిచిన మంచుది కూడా. మంచు ఎలాంటిదో తెలియకపోతే ఆ అంకె ఎందుకూ పనికిరాదు.

నేపథ్యం నీకు తెలిసిందే. అంటార్కిటికాలోని హాలీ బే కొలతలతో 1985లో ఓజోన్ రంధ్రం సంగతి లోకానికి తెలిసింది. ధ్రువ మేఘాల కణాల మీద జరిగే ఈ చర్యే మూలమని 1986లో సుసాన్ సోలమన్ బృందం ప్రతిపాదించింది. 1987లో మరియో మోలినా బృందం, మార్గరెట్ టోల్బర్ట్ బృందం వేర్వేరుగా ప్రయోగశాలలో దాన్ని చూపించాయి. వాయుస్థితిలో ఈ రెండూ ఒకదాన్నొకటి పట్టించుకోవు. అదే మంచు మీదైతే గామా దాదాపు 0.3, అంటే తాకిన ప్రతి మూడు క్లోరిన్ నైట్రేట్ అణువుల్లో ఒకటి మారిపోతుంది. క్లోరిన్ వాయువు పైకి లేస్తుంది, నైట్రిక్ ఆమ్లం మంచులోనే ఉండిపోతుంది. వసంతంలో ఎండ తగలగానే ఆ క్లోరిన్ విడిపోయి ఓజోన్ మీద పడుతుంది.

ఇక మంచు సంగతి. నీటి ఆవిరిని చల్లటి గాజు మీద పేర్చే పద్ధతి సులువే గానీ, 190 కెల్విన్ దగ్గర అలా పేరిన పొర నిండా సన్నని రంధ్రాలుంటాయి. దాని అసలు ఉపరితలం గొట్టం కొలతలతో లెక్కగట్టిన దానికంటే ఎన్నో రెట్లు పెద్దది. గామా చిన్నగా ఉండే చర్యల్లో ఇది లెక్కను బాగా పెంచేస్తుంది. అందుకే నా సలహా, గొట్టాన్ని నీటితో తడిపి, అడ్డంగా తిప్పుతూ గడ్డకట్టించు. గాజు ఎంత శుభ్రంగా ఉండాలంటే నీళ్లు బొట్లుగా విడిపోకుండా ఒకే పలకలా పరుచుకోవాలి. బొట్లు కట్టిందా, మళ్లీ కడుగు. 1 సెంటీమీటరు వ్యాసార్థం, 30 సెంటీమీటర్ల పొడవున్న గొట్టంలో 100 మైక్రాన్ల పొరకు దాదాపు 1.7 గ్రాముల మంచు పడుతుంది. ఇలా చేసిన పొర నునుపుగా ఉంటుంది, ఉపరితలం లెక్కకు దగ్గరగా ఉంటుంది.

పొర తయారయ్యాక దాన్ని నిలబెట్టుకోవడం ఇంకో పని. 190 కెల్విన్ వద్ద మంచు ఆవిరి పీడనం 0.032 పాస్కల్. 2 కెల్విన్లు తగ్గితే 0.023కి పడిపోతుంది. వాయువులను మోసుకెళ్లే హీలియాన్ని పొడిగా పంపితే ముందు భాగంలో మంచు ఆవిరైపోయి వెనక భాగంలో పేరుకుంటుంది, మధ్యాహ్నానికి ముందు వైపు ఉత్త గాజే మిగులుతుంది. ప్రధాన హీలియాన్ని అదే ఉష్ణోగ్రతలో ఉన్న మరో మంచు గొట్టం గుండా పంపి తేమ పట్టించు. ఇంజెక్టర్ (క్లోరిన్ నైట్రేట్‌ను లోపలికి తెచ్చే, ముందుకూ వెనక్కూ జరిపే సన్నని గొట్టం) లోపల పోయే హీలియం మాత్రం ఎండు కట్టెలా పొడిగా ఉండాలి. అక్కడ కాస్త మంచు కట్టినా క్లోరిన్ నైట్రేట్ బయటికి రాకముందే హైపోక్లోరస్ ఆమ్లమైపోతుంది.

తరువాత హైడ్రోజన్ క్లోరైడ్. స్ట్రాటోస్ఫియర్‌లో దాని పీడనం 10⁻⁷ టార్ (ఒక టార్ అంటే సుమారు 133 పాస్కల్) స్థాయిలో ఉంటుంది, నువ్వూ ఆ దరిదాపుల్లోనే ఉండు. తొందరపడి ఎక్కువ వదిలితే మంచు పైపొర కరిగి ద్రవంలా మారుతుంది, అప్పుడు నువ్వు కొలిచేది మంచును కాదు. వదిలిన వెంటనే మాస్ స్పెక్ట్రోమీటర్‌లో (అణువులను ద్రవ్యరాశిని బట్టి గుర్తించే పరికరం) దాని సంకేతం పడిపోతుంది, భయపడకు, మంచు దాన్ని పీల్చుకుంటోంది. చదరపు సెంటీమీటరుకు 10¹⁴ అణువులు పడతాయనుకుంటే, 3×10⁻⁷ టార్ వద్ద, సెకనుకు 10 మీటర్ల ప్రవాహంలో, ఆ 30 సెంటీమీటర్లు నిండడానికి ఆరేడు నిమిషాలు పడుతుంది. సంకేతం మొదటి స్థాయికి వచ్చి కదలకుండా నిలిచేదాకా క్లోరిన్ నైట్రేట్ జోలికి వెళ్లకు. వదిలినప్పుడు కూడా అది హైడ్రోజన్ క్లోరైడ్ కంటే బాగా తక్కువగా ఉండాలి. లేకపోతే ఉపరితలం మీది క్లోరైడ్ ఖాళీ అవుతుంది, గామా నీ కళ్లముందే జారిపోతుంది. ద్రవ్యరాశి 52 దగ్గర హైపోక్లోరస్ ఆమ్లం కనిపించడం మొదలైతే, ముందు క్లోరిన్ నైట్రేట్ సీసా శుద్ధి చూసుకో, అది బాగుంటే మంచు మీద క్లోరైడ్ చాలడం లేదనే అర్థం.

ఇంజెక్టర్‌ను ప్రవాహం బయటికి పోయే కొస నుంచి మొదలుపెట్టి ప్రవాహానికి ఎదురుగా వెనక్కి లాగుతూ రా. ప్రతి లాగుడుకూ కొత్త మంచు దొరుకుతుంది. ముందుకు తోస్తే నైట్రిక్ ఆమ్లం పట్టిన పాత మంచు మీదే కొలిచినట్టవుతుంది. క్లోరిన్ నైట్రేట్ మంచులోని నీటితోనే జరిపే చర్యలో దీని ప్రభావం ఎక్కువ. శుద్ధ మంచు మీద దాని గామా 0.3 దాకా ఉంటే, నైట్రిక్ ఆమ్ల ట్రైహైడ్రేట్ (ఆ ఆమ్లం, నీరు కలిసి గట్టిపడిన పదార్థం) మీద 0.004 మాత్రమే. మాస్ స్పెక్ట్రోమీటర్‌లో క్లోరిన్ నైట్రేట్‌ను 46 దగ్గర చూస్తావు కదా, నైట్రిక్ ఆమ్లం కూడా అక్కడే పలుకుతుంది. కాబట్టి నైట్రిక్ ఆమ్లపు 63 మీద, 70 దగ్గరి క్లోరిన్ మీద ఒక కన్నేసి ఉంచు. పోయిన ప్రతి క్లోరిన్ నైట్రేట్‌కూ ఒక క్లోరిన్ అణువు లెక్క తేలాలి.

అందరూ తప్పటడుగు వేసే చోటు వ్యాపన దిద్దుబాటు, అంటే అణువులు హీలియం గుండా గోడ దాకా చేరడంలో అయ్యే ఆలస్యాన్ని లెక్కలోంచి తీసెయ్యడం. 1 టార్ హీలియంలో వ్యాపన గుణకం సెకనుకు 150 చదరపు సెంటీమీటర్లు అనుకో. 1 సెంటీమీటరు వ్యాసార్థానికి గోడ దాకా చేరే వేగం ఆ అంకెకు 3.66 రెట్లు, అంటే సెకనుకు 550. గామా 0.3 అయితే, అణువు సగటు వేగం సెకనుకు 203 మీటర్లు కాబట్టి, గోడ మీద చర్య వేగం సెకనుకు సుమారు 3,050. రెండూ కలిస్తే నీకు కనిపించేది 466 మాత్రమే. దిద్దకుండా లెక్క వేస్తే గామా 0.046 వస్తుంది, ఆరున్నర రెట్లు తక్కువ! అసలు గామా 0.01 అయితే పెద్ద తేడా రాదు, 0.0084 వస్తుంది. కనుక పెద్ద గామాలు కొలిచేటప్పుడు పీడనాన్ని 0.4 టార్‌కు దించు, వ్యాపనం వేగమవుతుంది. ఆ 466తో సంకేతం 2 సెంటీమీటర్లకే దాదాపు 40 శాతానికి పడిపోతుంది, అందుకని ఇంజెక్టర్‌ను సెంటీమీటరు కాదు, అరసెంటీమీటరు చొప్పున జరుపు.

క్లోరిన్ నైట్రేట్ సీసాను పొడి మంచులో, చీకట్లో ఉంచు. లోహం తగలనీయకు, గాజు, టెఫ్లాన్ మాత్రమే వాడు. దాన్ని చేయడానికి వాడే డైక్లోరిన్ మోనాక్సైడ్ పేలే పదార్థం, కొద్దికొద్దిగానే, అడ్డుతెర వెనక మాత్రమే చెయ్యి. ఉదయాన్నే వాడబోయే ముందు పైన చేరిన క్లోరిన్‌ను కాసేపు పంపుతో లాగెయ్యి, 70 దగ్గరి సంకేతం తగ్గి స్థిరపడేదాకా.

మొదటి రోజు హైడ్రోజన్ క్లోరైడ్ లేకుండా, శుద్ధ మంచు మీదే కొలిచి చూడు. ఆ ముడి గ్రాఫు దిద్దకుండా నాకు పంపు.