హాస్టల్లో ర్యాగింగ్: వార్డెన్‌కు నోటితో చెప్పకండి, కాగితం ఇవ్వండి

ప్రశ్న: మా అబ్బాయి గుంటూరు దగ్గర ఇంజనీరింగ్ ఫస్టియర్‌లో చేరి నెల అయింది. హాస్టల్లో రాత్రి పదకొండు దాటాక సీనియర్లు గదికి పిలిచి ఏవేవో చేయిస్తున్నారట. కంప్లైంట్ ఇస్తే ఇంకా ఎక్కువ చేస్తారని వద్దంటున్నాడు. వార్డెన్‌తో ఒక మాట చెప్పి చూడమంటారా?

జవాబు:

వద్దండీ. వార్డెన్ చెవిలో ఒక మాట వేసి ఊరుకోవడం అన్నిటికంటే ప్రమాదం. నేను ఆ తప్పే చేశాను.

2012లో విజయవాడ, గుంటూరు మధ్య హైవే పక్కనున్న ఒక ప్రైవేటు కాలేజీలో చేరాను. మొదటి వారమంతా 'ఇంట్రో'లే. చొక్కా మూడో గుండీ కేసి చూస్తూ పేరు, ఊరు, ఇంటిపేరు, నాన్న ఏం చేస్తారో చెప్పాలి. ఇంటిపేరు ఎందుకు అడుగుతారో మనకు తెలియంది కాదు. మా నాన్న ఆర్టీసీలో కండక్టర్ అని చెప్పాను. ఆ రాత్రి నుంచి నా పేరు 'రైట్ రైట్' అయిపోయింది.

రెండు మంచాల మధ్య సందు బస్సన్నమాట. నేను మంచం కోడు పట్టుకుని, ఫుట్‌బోర్డు మీద వేలాడుతున్నట్టు వంగి, 'తాడేపల్లి, మంగళగిరి, చినకాకాని, కాజ, నంబూరు, పెదకాకాని' అని అరవాలి. ఒక్క స్టాపు తప్పినా గోడ కుర్చీ. సెలవుల్లో నాన్న బస్సులో తిరిగినవాణ్ణి, నిద్రలో లేపినా ఆ వరస తప్పను. అది చూసి గుంటూరు నుంచి వెనక్కి చెప్పమన్నారు. అదీ చెప్పాను. దాంతో ఒకడికి ఒళ్లు మండి, "మీ నాన్న చిల్లర ఎలా ఎగ్గొడతాడో చేసి చూపించరా" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. ఇప్పటికీ మర్చిపోలేనిది గోడ కుర్చీలు కాదు, ఆ మాట. అవన్నీ అయ్యాక వాళ్ల ల్యాబ్ రికార్డులు రాసిపెట్టాలి. రెండింటికి పడుకునేవాణ్ణి.

రెండు వారాలు ఓర్చుకుని వార్డెన్‌తో చెప్పాను. ఆయన చెడ్డవాడేం కాదు, 'చూస్తాలే బాబూ' అన్నాడు. ఆ సాయంత్రమే ఆ నలుగురినీ మెస్ దగ్గరికి పిలిచి, "కండక్టర్ గారబ్బాయి బాధపడుతున్నాడయ్యా, కాస్త చూసుకోండి" అన్నాడట. రాజీ చేశాననుకున్నాడు పాపం. ఆ రాత్రి నా గోడ కుర్చీ ఎంతసేపు సాగిందో చెప్పలేను గానీ, మర్నాడు మెట్లు దిగడానికి రెయిలింగ్ పట్టుకోవాల్సి వచ్చింది.

శనివారం ఇంటికెళితే మా అమ్మ నా వేళ్లకున్న సిరా చూసి, "ఎంతమంది రికార్డులు రాస్తున్నావురా?" అంది. అన్నీ బయటికొచ్చాయి. నాన్న అరవలేదు, నలుగురిని వెంటేసుకుని కాలేజీ మీదికీ పోలేదు. ఒక మాటన్నారు: "చెకింగ్ వాళ్లు బస్సెక్కితే డబ్బులిచ్చానండీ అంటే సరిపోదు, టికెట్ చూపించాలి. నువ్వు వార్డెన్‌కి డబ్బులిచ్చి టికెట్ తీసుకోకుండా వచ్చావు."

ఆ రాత్రి ఇద్దరం కూర్చుని తెల్లకాగితం మీద రాశాం. ఏ తేదీ, ఎన్ని గంటలకు, ఏ గది, ఎవరు, ఏం చేయించారు, అప్పుడు పక్కనెవరున్నారు. పూర్తి పేరు తెలియని చోట బ్రాంచి, పిలుపు పేరు, బండి రంగు రాశాం. సోమవారం నాన్న డ్యూటీకి సెలవు పెట్టి, ప్రిన్సిపాల్ పేరున రాసిన ఆ కాగితాన్ని ఆఫీసులో ఇచ్చి, జిరాక్స్ మీద ఇన్‌వర్డ్ నంబరు (ఆఫీసుకు అందిన కాగితానికి వేసే నంబరు), తేదీ, స్టాంపు వేయించుకున్నారు. గుమాస్తా 'సార్‌కి చెబుతాంలెండి, స్టాంపెందుకు' అంటే 'పర్వాలేదు, ఆగుతాను' అని బెంచీ మీద కూర్చున్నారు. గంట కూర్చున్నారు. ఈలోగా నేను ఆవరణలోంచే యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) యాంటీ ర్యాగింగ్ హెల్ప్‌లైన్ 1800-180-5522కి ఫోన్ చేశాను. అది ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, ఇప్పటికీ అదే నంబరు.

వార్డెన్ దాకా వెళ్లిన మాట గోడల మధ్యే తిరిగి మీ అబ్బాయి దగ్గరికే వస్తుంది. స్టాంపు పడిన కాగితం అలా కాదు, దానికి జవాబు చెప్పాల్సినవాళ్లు వేరే. 1997లో మన ఆంధ్రప్రదేశ్‌లో ర్యాగింగ్ నిషేధ చట్టం వచ్చింది. అవమానించడం, ఏడిపించడం కూడా అందులో నేరమే, ఆరు నెలల దాకా జైలు పడొచ్చు. కొట్టినా, గదిలో నిర్బంధించినా శిక్ష ఇంకా పెరుగుతుంది. అంతకంటే ముఖ్యం, ఫిర్యాదు అందాక పట్టించుకోని కాలేజీ అధిపతిని ఆ నేరానికి తోడ్పడినవాడిగానే చట్టం చూస్తుంది. 2009 నాటి యూజీసీ నిబంధనలైతే, కేసు పెట్టాల్సిన స్థాయి సంగతి తెలిసిన 24 గంటల్లో కాలేజీయే ఎఫ్ఐఆర్ పెట్టించాలంటాయి. 'నాకెవరూ చెప్పలేదు' అనడానికి ఇన్‌వర్డ్ నంబరు అడ్డం. హెల్ప్‌లైన్‌కి చెప్పిన విషయం కాలేజీతో పాటు యూనివర్సిటీకి, జిల్లా అధికారులకు కూడా వెళుతుంది కాబట్టి లోపల తొక్కిపెట్టడం కష్టం.

మీవాడు పేరు బయటపడుతుందని భయపడుతున్నాడు కదా. చెప్పినవాళ్ల వివరాలు గోప్యంగా ఉంచాలని ఆ నిబంధనల్లోనే ఉంది. బాధితుడే ఇవ్వాలని కూడా లేదు, చూసిన స్నేహితుడు ఇవ్వొచ్చు, తల్లిగా మీరే ఇవ్వొచ్చు. వీలైతే అదే గదికి వెళుతున్న ముగ్గురు నలుగురు పిల్లల తల్లిదండ్రులు కలిసి సంతకం పెట్టండి. ఎవరు చెప్పారో వెతుక్కోవడానికి సీనియర్లకు ఒక్క పేరంటూ ఉండదు.

నేనిప్పుడు విజయవాడలో వేరే కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. నాలుగేళ్లుగా యాంటీ ర్యాగింగ్ స్క్వాడ్‌లో ఉన్నాను. మా దగ్గరికి వచ్చే తల్లిదండ్రుల్లో సగం మంది కోపంతో పిల్లవాడి ఫోన్‌లో వాట్సాప్ గ్రూపు డిలీట్ చేయించి వస్తారు. దయచేసి ఆ పని చేయకండి. సీనియర్లు జూనియర్లను వేధించడానికి పెట్టే గ్రూపులను కూడా ర్యాగింగ్‌గానే చూడాలని 2025లో యూజీసీ చెప్పింది. నంబర్లు కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీసి మీ ఫోన్‌కి పంపించుకోండి. ఫోన్‌పే హిస్టరీ కూడా చూడండి. అర్ధరాత్రి బిర్యానీకని, రీఛార్జికని జూనియర్ల చేత కొట్టించుకున్న డబ్బంతా తేదీ, టైముతో సహా అక్కడుంటుంది. పోయినేడాది ఒక కుర్రాడి కేసు తేలింది వాటితోనే. 'మేం వాడితో మాట్లాడనే లేదు' అన్నవాళ్లకు పదకొండు పేమెంట్లు చూపించాం. ఒంటి మీద దెబ్బలుంటే అదే రోజు ఫొటో తీసి, గవర్నమెంట్ ఆస్పత్రిలో చూపించి కాగితం తీసుకోండి.

ఇంటిపేరు పట్టుకుని కులం మీదో, ఊరు మీదో, ఒంటి రంగు మీదో మాటలనుంటే ఆ మాటలు ఉన్నవున్నట్టు రాయండి. యూజీసీ నిబంధనలకు 2016లో చేసిన సవరణలో అవి కూడా ర్యాగింగ్ కిందికే వచ్చాయి. తెలిసిన నాయకుడితో ప్రిన్సిపాల్‌కి ఫోన్ చేయించే ఆలోచన ఉంటే మానుకోండి. అవతలి పిల్లవాడి తరఫున కూడా ఒక ఫోన్ వస్తుంది, లెక్క సమానమైపోతుంది. ఆఫీసులో కాగితం తీసుకోనంటే స్పీడ్ పోస్టులో పంపండి, రసీదు దాచండి.

చేయి చేసుకున్నా, బట్టలు విప్పించినా, గదిలో పెట్టి తాళం వేసినా కాలేజీ కోసం ఆగొద్దు. 112కి ఫోన్ చేయండి. మీరు ఏ ఊళ్లో ఉన్నా దగ్గర్లోని స్టేషన్లోనే జీరో ఎఫ్ఐఆర్ ఇవ్వొచ్చు. పిల్లవాడు తిండి మానేసినా, చచ్చిపోవాలనుంది అన్నా ముందు ఇంటికి తెచ్చేసుకోండి, హాజరు సంగతి తర్వాత. మానసిక సాయం కోసం ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి తెలుగులోనే మాట్లాడొచ్చు. ఇంకో మాట, 'ఎదురు తిరగలేకపోయావా' అని మాత్రం అడగకండి. అప్పట్లో మా బాబాయి అలా అడిగాడు, చాలా రోజులు ఆయనతో మాట్లాడలేదు.

కాలేజీలు చేయాల్సింది ఎంతో ఉంది గానీ ఒక్కటే అంటాను. గేటు దగ్గర 'ర్యాగింగ్ నేరం' అని ఫ్లెక్సీ కట్టి, మధ్యాహ్నం మూడింటికి హాస్టల్ చుట్టూ తిరిగితే ఎవరూ దొరకరు. ఇదంతా జరిగేది రాత్రి పదిన్నరకూ ఒంటిగంటకూ మధ్య. మేం ఆ టైములోనే, చెప్పకుండా వెళతాం. ఫస్టియర్ పిల్లలకు వేరే బ్లాకు ఇచ్చి, మొదటి మూడు నెలలు పదిహేను రోజులకోసారి పేరు రాయనక్కర్లేని సర్వే పెట్టమని నిబంధనల్లో ఉంది. సర్వే కాగితాల్ని సీఆర్ (క్లాస్ రిప్రజెంటేటివ్) చేత పోగు చేయించే కాలేజీలున్నాయి. ఇంకెవరు నిజం రాస్తారు?

నేను మరీ మంచివాణ్ణేం కాదు. సెకండియర్‌లో ఒక జూనియర్‌ను ఆపి 'సార్ అనవేం?' అన్నాను. వాడు వెంటనే తల దించి నా మూడో గుండీ కేసి చూశాడు. నేనేం చెప్పకుండానే చూశాడు. సిగ్గేసి వచ్చేశాను.

కంప్లైంట్ ఇచ్చాక ఏమైందంటారా? ఆ బుధవారం రాత్రి పన్నెండింటికి స్క్వాడ్ వచ్చింది. ఇద్దరిని హాస్టల్ నుంచి పంపేసి ఒక సెమిస్టర్ సస్పెండ్ చేశారు, మిగతా ఇద్దరి తల్లిదండ్రులను పిలిపించారు. మూడు వారాలు మెస్‌లో నా టేబుల్ దగ్గర ఎవరూ కూర్చోలేదు. అది నిజం, దాచను. తర్వాత ఇంటర్నల్స్ వచ్చాయి, అందరూ ఎవరి గొడవలో వాళ్లు పడిపోయారు.

సస్పెండ్ అయినవాళ్లలో ఒకడు, ఆ చిల్లర మాట అన్నవాడే, కొన్నాళ్లకు మంగళగిరిలో మా నాన్న బస్సెక్కాడట. కాలేజీలో చూశారు కాబట్టి నాన్న గుర్తుపట్టారు. వాడు వంద నోటు ఇచ్చాడు, చిల్లర లేదు. నాన్న టికెట్ వెనక బాకీ ఎంతో రాసిచ్చి, గుంటూరులో దిగేటప్పుడు పిలిచి మరీ లెక్కపెట్టి ఇచ్చారట.